చతుశ్చక్రవర్తి

ఇంటి అప్పు ఒక దారికొచ్చి, పిల్లలు పై తరగతుల్లోకి వెళ్ళాక మధ్యతరగతి తెలుగు మగవాడికి ఏదో ఒక కొత్త భక్తి పట్టుకుంటుంది. కొందరు శబరిమల వెళతారు, కొందరు మారథాన్ పరిగెత్తుతారు, కొందరు కార్ల ర్యాలీ గురించి మాట్లాడతారు. ఈ మూడో తెగ పెద్దమనిషినే ఇక్కడ చతుశ్చక్రవర్తి గారంటున్నాం. ఇంజిను బలం నాలుగు చక్రాలకీ అందాలని, రెంటికే అందేదాన్ని కారనడం మర్యాద కోసమేనని ఆయన సిద్ధాంతం. ఆయన ఇంతవరకు ఏ ర్యాలీకీ ప్రవేశ రుసుము కట్టలేదు. దానికీ సిద్ధాంతమే కారణం: తగిన బండి లేకుండా పోటీకి దిగడం అవివేకం, ఆ తగిన బండి ఏదన్నది ఇంకా చర్చలో ఉంది. ఆయన్ని చూసి నవ్వేయడం తేలికే గానీ న్యాయం కాదు, ఎందుకంటే ఆయన చెప్పేదాంట్లో చాలా భాగం నిజం. చరిత్ర పేపర్లో ఆయనకి ఫస్టుక్లాసు, ఫిజిక్సులో సగం మార్కులు. తప్పేది లెక్కల్లో.

ఆయన్ని గుర్తుపట్టడం కష్టం కాదు. బండి థార్ కావచ్చు, జిమ్నీ కావచ్చు. వెనకాల ఒక పార, పక్కన ఇంధనం డబ్బా, డిక్కీలో ఎవరి బండినైనా బురదలోంచి లాగడానికి తాడు, ముందు అద్దం కింద బండి ఎన్ని డిగ్రీలు ఒరిగిందో చూపించే మీటరు ఉంటాయి. ఆ మీటరు ఇప్పటివరకు చూసిన అతిపెద్ద వాలు అపార్టుమెంటు సెల్లార్ ర్యాంపు. ఆయన దగ్గర వాతావరణం ఊసెత్తకూడదు. వానొచ్చేట్టుందంటే చాలు, "అందుకే బ్రదర్, ఫోర్ వీల్ ఉండాలనేది" అంటారు. ఎండ మండిపోతోందంటే, "రేపు ఎడారికెళితే?" అంటారు. ఎడారికెళ్ళే పని లేదంటే మనకేసి జాలిగా చూస్తారు. ఇన్ని అమర్చుకున్న బండికి టైర్లు మాత్రం షోరూంలో ఇచ్చినవే. వాటి గురించి అడిగితే, "అవి చూద్దాం లెండి, ముందు డ్రైవ్‌ట్రెయిన్ ముఖ్యం" అంటారు. ఈ జవాబు గుర్తుంచుకోదగ్గది. ఆయన పొరపాటంతా ఇందులోనే ఉంది.

ముందు ఆయనకి ఫస్టుక్లాసొచ్చిన చరిత్ర. ఆడి క్వాట్రో 1980 మార్చిలో జెనీవా ప్రదర్శనలో లోకానికి కనిపించింది. 1981లో ప్రపంచ ర్యాలీ పోటీలకొచ్చి, రెండో పోటీ అయిన స్వీడన్ మంచులో హాన్ను మికోలా చేతిలో గెలిచేసింది. అదే ఏడాది సాన్‌రెమోలో మిషెల్ మూతోఁ అదే బండితో గెలిచి, ప్రపంచ చాంపియన్‌షిప్ ర్యాలీ నెగ్గిన మొదటి మహిళ అయింది. 1983లో లాన్సియా 037 తయారీదారుల టైటిలు గెలుచుకుంది. రెండు చక్రాల బండికి ఆ టైటిలు దక్కడం అదే ఆఖరుసారి. ఆ తర్వాత ఒక్క ఏడు కూడా అది నాలుగు చక్రాల చెయ్యి జారలేదు. చక్రవర్తి గారు ఈ కథని ఇక్కడి దాకా చెప్పి, నీళ్ళు తాగి, గెలిచిన మొహంతో చూస్తారు. ఆయన దాటేసే సంగతులు రెండున్నాయి. 1982లో డ్రైవర్ల టైటిలు గెలిచిన వాల్టర్ రోల్ నడిపింది వెనక చక్రాల ఓపెల్ అస్కోనా. రెండో స్థానంలో నిలిచిన మూతోఁది క్వాట్రో. 1999లో ఫిలిప్ బుగాల్‌స్కీ ముందు చక్రాల సిట్రోయెన్ జారా కిట్ కారుతో కాటలూన్యాలోనూ కోర్సికాలోనూ నాలుగు చక్రాల టర్బో కార్లన్నిటినీ వెనక్కి నెట్టి మొదట వచ్చాడు. ఆ రెండూ తారురోడ్డు పోటీలు, అతని బండి తేలిక. అంటే నాలుగు చక్రాలు గెలిచిన మాట నిజమే. ఏ రోడ్డు మీద, ఎంత ఇంజినుతో అన్నది మాత్రం కలిపే చెప్పుకోవాలి.

ఇక ఫిజిక్సు. చక్రం నేలను పట్టుకునే బలం రెండింటి మీద ఆధారపడుతుంది: నేల ఎంత గరుకు, ఆ చక్రం మీద ఎంత బరువు. వెయ్యి కిలోల ముందు చక్రాల కారులో ఇంజినూ గేర్‌బాక్సూ ముందే ఉంటాయి కాబట్టి దాదాపు 600 కిలోలు ముందు చక్రాల మీదే పడతాయి. అయితే బండి జోరందుకునేటప్పుడు, కొండెక్కేటప్పుడు కావడి బరువు వెనక్కి జారినట్టు, కొంత బరువు వెనక చక్రాల మీదకి పోతుంది. సరిగ్గా లాగవలసిన సమయంలో ముందు చక్రాలు తేలికపడతాయి. వెనక చక్రాల కారుకి ఇదే మేలవుతుంది. నాలుగు చక్రాల కారుకైతే బరువు ఎటు జరిగినా ఒకటే. మొత్తం వెయ్యి కిలోలూ లాగడానికే పనికొస్తాయి. హెయిర్‌పిన్ మలుపులోంచి బయటపడేటప్పుడు, మట్టి మీద నిలిచిన చోటినుంచి బయల్దేరేటప్పుడు ఆ తేడా కంటికి కనబడుతుంది. ఇంతవరకు చక్రవర్తి గారి మాటకి తిరుగులేదు. మిగతా సగం మార్కులు ఎక్కడ పోయాయంటే, ఈ మేలంతా బండిని ముందుకి తోసేటప్పుడే. ఆపేటప్పుడు, తిప్పేటప్పుడు నాలుగు చక్రాల డ్రైవు ఏమీ కలపదు. బ్రేకులు ప్రతి కారుకీ నాలుగు చక్రాలకీ ఉంటాయి. పైగా అదనపు షాఫ్టులు, డిఫరెన్షియళ్ళు తెచ్చిన బరువుని కూడా ఆ బ్రేకులే ఆపాలి, ఆ టైర్లే మలుపు తిప్పాలి.

లెక్కల పేపరు దగ్గర కథ మలుపు తిరుగుతుంది. మన ఔత్సాహికుడు కొనగలిగే చిన్న కారుకి 80 హార్స్‌పవర్ ఉందనుకుందాం. కంకరమట్టి మీద చక్రానికి దాని మీదున్న బరువులో సుమారు సగం బలం దొరుకుతుందనుకుందాం. జోరందుకునేటప్పుడు వెనక్కి జారినది పోగా ముందు చక్రాల మీద 530 కిలోలు మిగిలితే, అవి 265 కిలోల బరువంత బలంతో బండిని లాగగలవు. అంతకు మించి ఇంజిను తోస్తేనే చక్రం ఊరికే తిరుగుతుంది. 80 హార్స్‌పవర్ ఇంజిను, గేర్లలో పోయేది పోగా, గంటకు 70 కిలోమీటర్ల దగ్గర ఇవ్వగలిగేది కూడా ఇంచుమించు అంతే. ఆపైన వేగం పెరిగేకొద్దీ అందే బలం తగ్గుతుంది. కాబట్టి 70 దాటాక ఆ ఇంజినుకి రెండు చక్రాలని జారించే శక్తే లేదు. ఇంకో రెండు చక్రాలిస్తే అవి వినోదం చూస్తాయి. ఇదే లెక్క 300 హార్స్‌పవర్‌కి వేయండి: అదే 70 దగ్గర వెయ్యి కిలోల బలం వస్తుంది, దాన్ని నేలకి అందించడానికి నాలుగు చక్రాలూ చాలవు. క్వాట్రో ఎందుకు పుట్టిందో, మన బండికి ఎందుకు అక్కర్లేదో ఈ ఒక్క లెక్కలోనే తేలిపోతుంది. చక్రవర్తి గారు జబ్బు రాకముందే మందు కొన్నారు, అదీ నెలవాయిదాల మీద.

"మరి 70కి లోపల సంగతేంటి?" అని ఆయన అడుగుతారు, అడగాలి కూడా. మొదటి గేరులో, రెండో గేరులో నాలుగు చక్రాలు నిజంగా సమయం మిగులుస్తాయి. అయితే కొత్తవాడు సమయం పోగొట్టుకునేది అక్కడ కాదు. మలుపుకి చాలా ముందే బ్రేకు తొక్కుతాడు, మలుపు మధ్యలో మళ్ళీ తొక్కుతాడు, గేరు వెతుక్కుంటాడు, ముందున్న గట్టు దాటాక దారి కుడికా ఎడమకా అని ఆలోచిస్తాడు. గుమ్మం దగ్గర పోగొట్టుకున్న క్షణాలని పెరటి దగ్గర ఏరుకోవాలంటే కుదరదు. దీనికి ఆయన బురదని అడ్డం వేస్తారు: నల్లరేగడిలో వానపడ్డాక రెండు చక్రాల బండి ఏమవుతుంది? నిజమే, దిగబడుతుంది. హిమాలయాల మంచులో, నదీగర్భాల్లో జరిగిన రెయిడ్ డి హిమాలయ లాంటి పోటీలో మారుతి జిప్సీ అంతటి పేరు తెచ్చుకుందంటే ఊరికే కాదు. అలాంటి దారులకి వెళ్ళేవాడికి ఈ వ్యాసంతో పనిలేదు, అతని మాటే సరైనది. కానీ అక్కడ కూడా నున్నటి టైర్ల మీద నాలుగు చక్రాలూ ఒకేసారి జారతాయి. నల్లరేగడి టైరు గాళ్ళలో నిండిపోయాక ఎన్ని చక్రాలు తిరిగినా తిరిగేది ఉత్త మట్టిముద్దే.

మరో అభ్యంతరం ఇంటి గడపలోంచి వస్తుంది. "పిల్లలుంటారు బ్రదర్, సేఫ్టీ." ఈ మాట ముందు ఎవరూ నోరెత్తరు కాబట్టి చక్రవర్తి గారు దీన్ని ఆఖరుకి దాచుకుంటారు. కానీ జారే రోడ్డు మీద మనిషికి ముందే హెచ్చరిక చేసేది జారే చక్రమే. నాలుగు చక్రాల బండి అదే రోడ్డు మీద చక్కగా జోరందుకుంటుంది, అంతా బాగుందనిపిస్తుంది, మలుపు వచ్చాక బ్రేకు తొక్కితే ఎదురింటివాళ్ళ ఆల్టో ఎంత దూరంలో ఆగుతుందో ఇదీ అంతే దూరంలో, బరువెక్కువైతే ఇంకొంచెం ముందుకెళ్ళి ఆగుతుంది. పైగా థార్, జిమ్నీల్లో ఉన్నది అన్ని వేళలా నడిచే ఆల్ వీల్ డ్రైవ్ కాదు. అవసరమైనప్పుడు లీవరుతో కలుపుకునేది. ముందు చక్రాలనీ వెనక చక్రాలనీ వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే డిఫరెన్షియల్ మధ్యలో ఉండదు కాబట్టి, పట్టున్న పొడి తారురోడ్డు మీద కలిపితే మలుపుల్లో గేర్లు బిగుసుకుంటాయి, టైర్లు అరుగుతాయి. అంటే ఔటర్ రింగ్ రోడ్డు మీద ఆయన నడిపేది అక్షరాలా వెనక చక్రాల కారు. ఈ రహస్యం చెబితే ఆయన ఒక్క క్షణం మౌనంగా ఉండి, "కానీ కావాలంటే ఉంది కదా" అంటారు. బ్యాంకు లాకరు సంగతి కూడా ఇంతే గనక ఇంట్లోవాళ్ళు తలూపుతారు.

అసలు ఆయన దిగదలచిన ర్యాలీ ఏది? మన దేశంలో కొత్తవాడికి ముందుగా తెరుచుకునే తలుపు టీఎస్‌డీ: సమయం, వేగం, దూరం. మామూలు రోడ్ల మీద, లారీలూ గేదెల మధ్యే నడుస్తుంది. ప్రతి మలుపుకీ ఒక బాణం బొమ్మా, దూరమూ వేసిన రోడ్‌బుక్ చేతికిస్తారు, ఎంత సగటు వేగంతో పోవాలో చెబుతారు. ఎక్కడో చెప్పని చోట అధికారులు గడియారంతో కాచుకుంటారు. ఆలస్యంగా వస్తే పెనాల్టీ, ముందే వచ్చినా పెనాల్టీ. ఇందులో గెలిపించేది పక్క సీటు: 38 కిలోమీటర్ల సగటుతో 7.6 కిలోమీటర్లకి సరిగ్గా 12 నిమిషాలని కుదుపుల మధ్య, వాంతి ఆపుకుంటూ చెప్పగలిగిన నావిగేటర్. ఎన్ని చక్రాలు లాగుతున్నాయని అడిగే దిక్కే లేదు. అది దాటి వేగం పోటీలకే వెళ్ళినా, మన జాతీయ ర్యాలీ చాంపియన్‌షిప్‌లో ఎస్టీమ్, సెడియా, పోలో లాంటి ముందు చక్రాల కార్లు ఏళ్ళ తరబడి దుమ్ములేపాయి. పోనీ విదేశాల సంగతంటారా, ప్రపంచ మోటారు సమాఖ్య కట్టిన నిచ్చెనలో అడుగు మెట్లయిన ర్యాలీ5, ర్యాలీ4 రెండూ రెండు చక్రాల తరగతులే. మూడో మెట్టు నుంచే నాలుగు చక్రాలు. సెబాస్టియన్ లోబ్ 2001లో, సెబాస్టియన్ ఓజియే 2008లో జూనియర్ టైటిళ్ళు గెలిచింది ముందు చక్రాల సిట్రోయెన్లతోనే. అడుగుమెట్టు తక్కువని వాళ్ళెవరూ నిచ్చెనని చూస్తూ నిలబడిపోలేదు.

ఇంత చెప్పాక రెండు చక్రాల భక్తుడు చంకలు గుద్దుకుంటాడేమో, ఆయనకీ ఒక మాట. ముందు చక్రాల కారు తనంతట తాను ఎవరికీ విద్య నేర్పదు. ఎరిక్ కార్ల్‌సన్ సాబ్‌లో 1962, 63ల్లో మోంటే కార్లో గెలిచాడంటే, పాడీ హాప్‌కిర్క్ 1964లో మినీతో గెలిచాడంటే, తమ బండి లోపాన్ని క్షుణ్ణంగా ఎరిగి నడిపారు కనక. కార్ల్‌సన్ కుడికాలు యాక్సిలరేటరు మీద ఉంచి ఎడమకాలితో బ్రేకు తొక్కి, వెనక భాగాన్ని కావలసినట్టు తిప్పుకున్నాడు. సూపర్ మార్కెట్ పార్కింగులో హ్యాండ్‌బ్రేకు లాగి వాచ్‌మన్‌ని హడలగొట్టడం ఆ సంప్రదాయంలోకి రాదు.

కాబట్టి తీర్పు ఇది: మొదట ఉన్న కారుతో ప్రవేశ రుసుము. తర్వాత మంచి టైర్లు, ఇంజిను అడుగున రేకు కవచం, లెక్కలొచ్చిన ఒక ఓపికమంతుడైన నావిగేటర్. ఫోర్ వీల్‌కి పెట్టబోయే అదనపు డబ్బులో ఇవన్నీ వచ్చి ఇంకా మిగులుతుంది. రెండు సీజన్లు గడిచాక మూడో గేరులో కూడా చక్రాలు ఊరికే తిరిగిపోతున్నాయని ఎవరైనా ఫిర్యాదు చేస్తే, అతని ఇంజిను ఎదిగింది, చెయ్యీ ఎదిగింది. నాలుగు చక్రాలు అతని హక్కు. చక్రవర్తి గారు దీన్నంతా శ్రద్ధగా విని, ఒక్కో అంకెనీ ఒప్పుకుని, వచ్చే నెల ఇంకో మోడలు వస్తోందట, అది చూసి నిర్ణయిద్దామంటారు. ఆయన్ని తప్పుపట్టలేం. మట్టిరోడ్డెక్కినవాడికి ఓడిపోయే ప్రమాదం ఉంది. ఇంకా బండి ఎంచుకుంటున్నవాణ్ణి ఇంతవరకు ఏ ర్యాలీలోనూ ఎవరూ ఓడించలేదు.