తెడ్డు రెడీ.. నీళ్లేవీ?

ఆదోని, ఎమ్మిగనూరులకు ఒక రోయింగ్ క్లబ్బు కావాల్సిందే! హైదరాబాదుకు హుస్సేన్‌సాగర్ ఉంటే మనకేం తక్కువ? గాజులదిన్నె ఉంది, తుంగభద్ర దిగువ కాలువ ఉంది, మంత్రాలయం దగ్గర ఏరే ఉంది. అంతర్జాతీయ పోటీకి మామూలుగా కావాల్సింది 2,000 మీటర్ల నీళ్లు. దిగువ కాలువకు మన రాష్ట్ర వాటా కాగితం మీద 24 టీఎంసీలు. తొలి పోటీలు ఆ కాగితం మీదే పెట్టేసుకుంటే సరి.

ప్రాక్టీసు ఎప్పుడంటారా? 2024 ఆగస్టులో తుంగభద్ర డ్యాం 19వ గేటు కొట్టుకుపోయినప్పుడు నీళ్లే పందెం కట్టి పరుగెత్తాయి. మనం గట్టున నిలబడి చూశాం. ప్రేక్షకులుగా మంచి అనుభవమే వచ్చింది.

నవ్వకండి. దత్తు భోకనల్‌ది మహారాష్ట్రలో కరువు పల్లె. బావులు తవ్విన కుర్రాడు సైన్యంలో చేరి తెడ్డు పట్టాడు. 2016 రియో ఒలింపిక్స్‌కు వెళ్లాడు. 2018 ఆసియా క్రీడల్లో జట్టుతో కలిసి బంగారం తెచ్చాడు. కరువే అర్హతైతే మన పల్లెల్లో ఊరికూరే సెలెక్టవుతుంది. బిందెలు మోసి మోసి భుజాలూ గట్టిపడ్డాయి. చిక్కల్లా ఒకటే.. పోటీల నాటికి జట్టు మొత్తం గుంటూరు వైపు సుగ్గికి, అంటే కూలి పనులకు వలస పోయి ఉంటుంది.

కోచ్‌ల కోసం వెతకనక్కర్లేదు. రోయింగ్‌లో తెడ్డు వేసేవాళ్లు గమ్యానికి వీపు పెట్టి కూర్చుంటారు. ఆ భంగిమలో మన నాయకులకు దశాబ్దాల అనుభవం. తేడా ఒక్కటే.. ఆటగాళ్ల పడవ ముందుకు కదులుతుంది!