బృహస్పతి సింహరాశిలోకి వచ్చేదాకా బిగబట్టండి

రాజమండ్రికి వచ్చే యాత్రికుడి అవస్థ ప్రభుత్వానికి పట్టదని ఎవరైనా అంటే నమ్మకండి. పన్నెండేళ్లకోసారి ఠంచనుగా పట్టించుకుంటుంది. బృహస్పతి సింహరాశిలో అడుగు పెట్టగానే గోదావరికి పుష్కరాలూ, గోదావరి గట్టుకు తాత్కాలిక మరుగుదొడ్లూ కలిసే వస్తాయి. 2015లో వచ్చాయి, 2027లో మళ్లీ వస్తాయి. పన్నెండు రోజులు గడిచాక నదికి హారతి పడతారు, రేకు దొడ్లకు మంగళం పాడతారు. లారీ వెళ్లిపోతుంది. మళ్లీ గురుడు తన చుట్టు పూర్తిచేసుకుని వచ్చేదాకా ఎవరి తిప్పలు వారివి.

ఈ పంచాంగ పరిపాలనలో ఒకటే చిక్కు. ఆరోగ్యంగా ఉన్న మనిషి రోజుకు ఆరేడుసార్లు వెళ్లక తప్పదు. ఆరుసార్లే అనుకున్నా, పుష్కరానికీ పుష్కరానికీ నడుమ 26 వేలసార్లకు పైమాటే. ఇన్నిసార్లకు ముహూర్తం పెట్టగల సిద్ధాంతి ఇంకా పుట్టలేదు.

లోపలికి పంపించడంలో మాత్రం ఈ ఊరికి తిరుగులేదు. కోటగుమ్మం దగ్గర రోజ్‌మిల్క్ తాగకుండా వెళ్తే అసలు రాజమండ్రి వచ్చినట్టే కాదంటారు. గట్టు మీదికెళ్తే చెరుకురసం, కొబ్బరిబోండాం, మజ్జిగ, అల్లం టీ. ఎండాకాలమైతే చలివేంద్రం. గోదావరి జిల్లాల మర్యాద మామూలుదా, వద్దంటున్నా గ్లాసు నింపుతారు. ఆ మర్యాదంతా గొంతు దాకానే. అక్కణ్నించి కిందికి ఎవరి దారి వారు చూసుకోవాలి.

ఎందుకైనా మంచిదని టీకొట్టు ఆయన్ని అడుగుతారు. “బాత్రూం ఎక్కడుందండీ?” ఆయన మీ మొహం చూసి జాలిపడతాడు. “అదుగోనండీ, ఆ మెట్లు దిగి ఎడంపక్కకి తిరిగితే కనపడుద్దండి.” మీరు నాలుగడుగులు వేశాక వెనకనుంచి అసలు మాట వినపడుతుంది: “తాళమేసుంటాదండి!” తాళంచెవి ఎవరి దగ్గరుందంటే కాపలా ఆయన దగ్గర. కాపలా ఆయన ఎక్కడంటే భోజనానికి వెళ్లాడు. ఎప్పుడొస్తాడంటే, “ఆయ్, వచ్చేత్తాడండి. కూచోండి, ఇంకో టీ తాగండి.”

ధవళేశ్వరం దగ్గర గోదావరి నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. వరదల కాలంలో ఈ అంకెలు ఇక్కడి పిల్లలకు ఎక్కాలకన్నా బాగా వచ్చు. యాత్రికుడికీ ఇలాంటి హెచ్చరికలే మూడుంటాయి. మొదటిదానికి నది అందం చూస్తున్నవాడి చూపు గోడలవైపు మళ్లుతుంది. రెండోదానికి నడక మారుతుంది, మాట తగ్గుతుంది, ఇంటావిడ ఏమడిగినా “ఊఁ” అనేస్తాడు. మూడోది ఎగరేశాక ఇక లోతట్టు ప్రాంతాలకు గండమే. తేడా ఏమిటంటే, నదికి ఆ స్థితి వస్తే రాత్రికి రాత్రి కంట్రోల్ రూం తెరుచుకుంటుంది, అక్కడి కాటన్ బ్యారేజీ 175 గేట్లూ పైకి లేస్తాయి. 175 గేట్లు ఎత్తగల ఊళ్లో మరుగుదొడ్డి గడియ తీసే మనిషి దొరకడు.

అలాగని ఊరు దారి చూపించదనడం అన్యాయం. ఎక్కడ పోయకూడదో చెప్పే బోర్డులకు ఏ ఊళ్లోనూ కరువు లేదు. “ఇచ్చట మూత్రము పోయరాదు” అని ఒక గోడ బతిమాలుతుంది. “పోసినవాడు గాడిద” అని పక్క గోడ తిడుతుంది. ఇంకో గోడ ఈ మాటలతో పని కాదని తేల్చుకుని వెంకటేశ్వరస్వామి, ఏసుప్రభువు, మక్కా మసీదు బొమ్మల టైల్స్ అతికించుకుంటుంది. మూడు మతాల దేవుళ్లనూ ఒకే గోడకు కాపలా పెట్టిన సర్వమత సమానత్వం లోకంలో ఇంకెక్కడైనా ఉందా? మునిసిపాలిటీ జీతం ఇచ్చి పెట్టుకోవలసిన ఉద్యోగం అది. దేవుళ్లైతే పీఎఫ్ అడగరు. ఇన్ని గోడల మీద ఇంత రంగు ఖర్చుపెట్టినవాళ్లకు, ఎక్కడ పోయాలో చెప్పే బాణంగుర్తు ఒకటి వేయడానికి మాత్రం చేతులు రావు.

కాగితం మీద ఈ బాధలేవీ లేవు. ఆంధ్రప్రదేశ్ పట్టణాలన్నీ బహిరంగ మలవిసర్జన లేనివని (ఓడీఎఫ్) 2016 గాంధీ జయంతి నాడే ప్రకటించేశారు. ఆ పట్టా ఇవ్వడానికి కేంద్రం పెట్టిన కొలత ఏమిటంటే, వ్యాపార ప్రాంతాల్లో కిలోమీటరు లోపల ఒక పబ్లిక్ టాయిలెట్ ఉండాలి. కిలోమీటరు! ఈ అంకె రాసినాయన ఏసీ కారులో కూర్చుని మైలురాళ్లు లెక్కపెడుతూ రాసుంటాడు. షుగరున్న డెబ్బయ్యేళ్ల పెద్దాయన్ని కోటిలింగాల రేవులో మెట్లెక్కించి, మిట్టమధ్యాహ్నం ఆ కిలోమీటరు నడిపించండి. లక్ష్యం చేరేలోపు పట్టా తడిసిపోతుంది.

ఆ పైమెట్టు ఓడీఎఫ్ ప్లస్. దీనికి ఊళ్లో ఎవరూ బహిరంగంగా మలమే కాదు, మూత్రమూ విసర్జించకూడదు, ఉన్న పబ్లిక్ టాయిలెట్లన్నీ పనిచేస్తూ శుభ్రంగా ఉండాలి. నిబంధన బంగారంలాంటిది. ఆ పట్టా అందుకున్న ఏ ఊళ్లోనైనా సాయంత్రంపూట గోడవైపు తిరిగి నిలబడ్డ మనిషి కనపడితే కంగారు పడకండి. కాగితం ప్రకారం ఆయన అక్కడ లేడు. పట్టణాల శుభ్రతకు మార్కులు వేసే స్వచ్ఛ సర్వేక్షణ్ బృందం వచ్చే వారం ఉంటుంది చూడండి, అది దేశమంతటా మరుగుదొడ్ల పాలిట సంక్రాంతి. సున్నాలు వేస్తారు, ఫినాయిలు చల్లుతారు, కుండీలో పూలమొక్క పెడతారు. మీ అభిప్రాయం చెప్పడానికి గుమ్మం పక్కన ఆకుపచ్చ, పసుపు, ఎరుపు మీటలుంటాయి. లోపలికి పోవడానికి దారి లేనప్పుడు ఏది నొక్కాలో మాత్రం ఎవరూ చెప్పరు.

ఇంతకీ తాళం ఎందుకు పడుతుంది? డబ్బుల్లేక కాదు. కట్టడానికి డబ్బుంటుంది, కాపాడటానికి ఉండదు. కట్టడానికి గ్రాంటు, టెండరు, శంకుస్థాపన, పాలరాతి ఫలకం, దాని మీద ఏడెనిమిది పేర్లు. మోటారు కాలిపోతే బాగుచేయించినందుకు ఎవరి పేరూ ఫలకమెక్కదు. సెప్టిక్ ట్యాంకు ఎత్తించినాయనకు శాలువా కప్పిన సన్మానం మీరెప్పుడైనా చూశారా? బిందేశ్వర్ పాఠక్ 1970లో సులభ్ సంస్థ పెట్టి, 1974లో పాట్నాలో డబ్బులిచ్చి వాడుకునే మరుగుదొడ్డి తెరిచినప్పుడు రహస్యమంతా ఒక మనిషిలో ఉంది. రోజంతా అక్కడే ఉండి, కడిగి, చిల్లర తీసుకునే మనిషి. వచ్చిన చిల్లరతోనే నీళ్లు, కరెంటు, జీతం గడవాలి. బస్టాండులో అది గడుస్తుంది, ఎందుకంటే అక్కడ రోజూ జనమే. నదీతీరంలో జనం తిథులు చూసుకుని వస్తారు. కార్తీక సోమవారం తెల్లవారుజామున మెట్ల మీద నిలబడే చోటుండదు. ఆషాఢంలో మంగళవారం మధ్యాహ్నం కాకులు తప్ప గిరాకీ ఉండదు. ఆ రోజుల్లో వచ్చే చిల్లరతో కాపలా ఆయన బీడీ కూడా కొనుక్కోలేడు. అందుకే తాళం. ఏడాది పొడుగునా జీతం మునిసిపాలిటీయే ఇవ్వాలన్న చిన్న లెక్క తేలక, మంచి కట్టడాలు గబ్బిలాలకు గెస్ట్‌హౌసులవుతున్నాయి.

మగవాడికి గోడ ఉంది, చెట్టు ఉంది, చీకటి ఉంది, అన్నిటినీ మించి సిగ్గులేనితనం ఉంది. ఆడవాళ్లకు ఉన్న ఒకే ఒక్క సదుపాయం దాహాన్ని చంపుకోవడం. తీర్థయాత్రకు బయల్దేరే ఇంటి ఇల్లాలు ముందురోజు రాత్రి నుంచే నీళ్లు తగ్గిస్తుంది. జీవనది ఒడ్డున పొద్దుటినుంచి సాయంత్రం దాకా తిరిగి, గుక్కెడు నీళ్లు తాగకుండా ఇంటికి చేరుతుంది. మూడో రోజుకు మూత్రంలో మంట, డాక్టరు, యాంటీబయాటిక్. దీన్ని మనం భక్తి ఖాతాలో రాసుకుంటాం, ఉపవాసం ఉందని మెచ్చుకుంటాం. మునిగి లేచాక తడిచీర మార్చుకోవడానికి గది దొరకకపోతే నలుగురు తోడికోడళ్లు చుట్టూ చీర పట్టుకు నిలబడతారు. ఆ నాలుగు జతల చేతులే మన పర్యాటక మౌలిక వసతి. ఇక డబ్బులిచ్చి వాడుకునే చోట మగవాళ్ల ఒంటేలు ఉచితమనీ, ఆడవాళ్లకు రేటుందనీ రాసిపెట్టిన బోర్డులు దేశమంతా చూశాం. ఈ అన్యాయం మీదే ముంబైలో ఆడవాళ్లు 2011లో ఏకంగా ఉద్యమం లేవదీశారు.

వీల్‌చైర్‌లో వచ్చినవాడి సంగతి రాయడం లేదు. ఆయన్ను మెట్ల దగ్గరే ఆపేశాం కనక ఆయన సమస్య మరుగుదొడ్డి దాకా రాదు.

అసలు ఈ గట్టుకు తగిన ఆదర్శ పర్యాటకులు ఇప్పటికే వచ్చి స్థిరపడ్డారు. వాళ్లే విగ్రహాలు. ఎండకీ వానకీ కదలరు, నీళ్లడగరు, సామాను ఎక్కడ పెట్టాలని వేధించరు, నీడ కావాలనరు, ఒంటేలుకు లేవరు. వాళ్ల కోసమైతే మన ఏర్పాట్లు సంపూర్ణంగా ఉన్నాయి. పేచీ అంతా ప్రాణమున్న వాళ్లతోనే.

ఇందులో పాలకులదే తప్పని చేతులు దులుపుకుంటే కుదరదు. కొత్తగా పెట్టిన కుళాయి తెల్లారేసరికి ఎవరింటికో కాపురానికి వెళ్తోంది. గొలుసు వేసి కట్టినా మగ్గు మాయమవుతోంది. ఇత్తడి గడియను పాత ఇనుప సామాన్ల కొట్లో తూకానికి వేసింది అమెరికావాడు కాదు. దోసిలి పట్టి “గంగే చ యమునే” అంటూ స్నానం చేసినవాడే, పది మెట్లు ఎక్కి అదే తల్లి వైపు గోడ తడుపుతాడు. ఎవరైనా అడిగితే “టాయిలెట్ లేదు కదండీ” అంటాడు. ఉన్నరోజున అయిదు రూపాయలు ఎందుకివ్వాలని కాపలా ఆయనతో తగువు పడ్డదీ ఈయనే.

హోటళ్లలో ఉంది కదా అంటారు. ఉంది, “కస్టమర్లకు మాత్రమే” అన్న అట్టముక్కతో సహా. అంటే వదిలించుకోవాలంటే ముందు కాఫీ కొనాలి. కాఫీ తాగితే అరగంటకు మళ్లీ హెచ్చరిక. ఇంత పకడ్బందీగా తిరిగే వ్యాపారచక్రం ఏ ఆర్థికశాస్త్రంలోనూ లేదు. 2017లో దక్షిణ ఢిల్లీ కార్పొరేషన్ అక్కడి హోటళ్ల టాయిలెట్లు బయటివాళ్లూ వాడుకోవచ్చని, కావాలంటే అయిదు రూపాయల దాకా తీసుకోవచ్చని చెప్పింది. దానికి గ్రహబలం అక్కర్లేకపోయింది, ఒక ఉత్తర్వు సరిపోయింది.

2025 జనవరి 15న సుప్రీంకోర్టు కూడా ఈ విషయం తేల్చింది. కోర్టు ఆవరణలన్నిటిలో ఆడవాళ్లకు, మగవాళ్లకు, వికలాంగులకు, ట్రాన్స్‌జెండర్లకు టాయిలెట్లు ఉండాలని, ఈ వసతి 21వ అధికరణం ఇచ్చిన జీవించే హక్కులో భాగమని చెప్పింది. జీవించే హక్కని కోర్టు అంటుంటే, మనం ఇంకా దయాధర్మం కింద లెక్కేస్తున్నాం.

ఇది నవ్వి ఊరుకునే సంగతీ కాదు. 2015 జూలై 14 ఉదయం పుష్కర ఘాట్‌లో తొక్కిసలాట జరిగి కనీసం 27 మంది చనిపోయిన ఊరిది. లక్షల్లో జనం వస్తారని ప్రచారం చేసి పిలిచినవాళ్లు, వచ్చే జనానికి ఊపిరి ఆడాలని, కాలు నిలపడానికి చోటు కావాలని, దాహం వేస్తుందని, కడుపు ఉంటుందని లెక్క కట్టలేదంటే, వాళ్లు పిలిచింది మనుషుల్ని కాదు, అంకెల్ని. అంకెలు తొక్కుకోవు, అంకెలకు ఒంటేలు రాదు.

ఇప్పుడు మళ్లీ అంకెలు వస్తున్నాయి. 2025 జూన్‌లో ఇక్కడ అఖండ గోదావరి పర్యాటక ప్రాజెక్టుకు శంకుస్థాపన అయింది. ఖర్చు 94 కోట్ల రూపాయలకు పైనే. 1900లో తెరిచి 1997 దాకా రైళ్లను మోసిన హేవలాక్ వంతెన ఇక పర్యాటకులను మోస్తుందట. సంతోషం. అందులో మరుగుదొడ్లు ఉండవని ఎందుకనుకోవాలి, నక్షాలో తప్పకుండా ఉంటాయి. నక్షాలో ఉన్న మరుగుదొడ్డి ఎప్పుడూ కంపు కొట్టదు కూడా. మనం అడగవలసింది ఎన్ని కడతారని కాదు. కట్టిన నూరోరోజు తెల్లవారుజామున నాలుగింటికి తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుంది? ట్యాంకులో నీళ్లెన్ని ఉంటాయి? ఆ మనిషికి ఆ నెల జీతం పడిందా? ఈ మూడింటికి జవాబు రాసిపెట్టని ప్రాజెక్టు ఎన్ని కోట్లదైనా, అది ఫొటో దిగడానికే పనికొస్తుంది.

కాబట్టి ప్రారంభోత్సవాల పద్ధతి కాస్త మార్చాలని వినతి. రిబ్బన్ కత్తిరించి చప్పట్లు కొట్టించుకుని కారెక్కడం వద్దు. మంత్రిగారు, ఎమ్మెల్యేగారు, కలెక్టరుగారు, కమిషనరుగారు తలా రెండు గ్లాసుల రోజ్‌మిల్క్ తాగి లోపలికి వెళ్లి గడియ వేసుకోవాలి. గడియ పడుతుందా, కుళాయి తిరుగుతుందా, లైటు వెలుగుతుందా వాళ్లే చూసుకోవాలి. ఆడ అధికారులు ఆడవాళ్ల వైపు వెళ్లి, తలుపుకు కన్నాలున్నాయేమో, చెత్తబుట్ట ఉందో లేదో చూడాలి. అక్కడితో అయిపోలేదు. నూరోరోజున ముందుగా కబురు పెట్టకుండా, పోలీసు జీపు లేకుండా, మామూలు యాత్రికుల్లా గట్టంతా రెండు గంటలు తిరిగి, నీళ్లు తాగి, మళ్లీ అదే తలుపు దగ్గరికి రావాలి. ఆ తనిఖీకి నివేదిక రాయనక్కర్లేదు. తాళం ముందు నిలబడ్డ వాళ్ల మొహాలు ఫొటో తీసి ఫైల్లో పెడితే చాలు, బిల్లులన్నీ ఆ సాయంత్రానికే పాసవుతాయి.