ఎయిర్ పట్టింది

మళ్ళీ పట్టింది. నిన్న సాయంత్రం వాడపల్లి దాకా పోయి నిమ్మళంగా తిరిగొచ్చిన జీపు తెల్లారేసరికి అలిగి కూర్చుంది. సెల్ఫ్ కొడితే గిర్రున తిరుగుతుంది. బ్యాటరీలో బలముంది, హీటర్ ప్లగ్గులు వేడెక్కుతున్నాయి, ట్యాంకులో డీజిల్ ఉంది. అయినా పలకదు. బానెట్ ఎత్తి, ఫిల్టర్ నెత్తి మీది బోల్టు వదులు చేసి, ఫీడ్ పంపుకున్న చేతి పంపును టకటకా కొడితే బుసబుసమని నురగ వస్తుంది. ఆ నురగంతా పోయి నిఖార్సయిన డీజిల్ కారేదాకా కొట్టాలి. బోల్టు బిగించి సెల్ఫ్ కొడితే, తనకేమీ తెలియనట్టు ఒక్క దెబ్బకు స్టార్టవుతుంది. ఇక రోజంతా వంక పెట్టడానికి ఉండదు. మర్నాడు పొద్దున మళ్ళీ ఇదే భాగోతం.

ఆ గాలి ఎక్కడ దూరుతోందో కనిపెట్టడమే కొన్ని వారాలుగా నా ఉద్యోగం. జీతం లేదు, సెలవు లేదు, రిటైర్మెంటు కూడా కనపడటం లేదు. ఒకసారి రిటైరైన మనిషిని మళ్ళీ ఇలాంటి కొలువులో పెట్టడం ఏ సర్వీసు రూల్స్‌లో ఉందో!

అసలు డీజిల్ ఇంజను బతికేదే గాలి మీద. దానికి స్పార్క్ ప్లగ్గు లేదు, నిప్పురవ్వ లేదు. సిలిండర్లోకి పీల్చిన గాలిని దాదాపు ఇరవయ్యో వంతుకు నొక్కేస్తే ఆ గాలే కాలిపోయేంత వేడెక్కుతుంది. అందులోకి డీజిల్ చిమ్మితే భగ్గుమంటుంది. అంటే సిలిండర్లో గాలి లేకపోతే బండి లేదు. అదే గాలి నాలుగు బుడగలై పైపులో చేరిందా, అప్పుడూ బండి లేదు. నాజిల్ తెరుచుకోవాలంటే పదిహేను వందల పౌండ్లకు పైగా ప్రెషర్ కావాలి. మనం టైరులో కొట్టించేది ముప్పై పౌండ్లు. డీజిల్ నొక్కుడు పడదు కాబట్టి పంపు తోసిన తోపును నాజిల్ దాకా మోసుకెళ్తుంది. బుడగ మధ్యలో కూర్చుని ఆ తోపంతా తనే మింగేసి, పంపు వెనక్కి తగ్గగానే మళ్ళీ ఉబ్బుతుంది. కొన్ని ఆఫీసుల్లో మధ్య సీటు గుమాస్తాలు చేసేదీ ఇదే కాబట్టి నాకు సులువుగానే అర్థమైంది.

అర్థమైనంత మాత్రాన దొరకాలని లేదు. డీజిల్ కారుతుంటే కింద మరక పడుతుంది, మరకను పట్టుకుని పైకి పోవచ్చు. కానీ ట్యాంకు నుంచి ఫీడ్ పంపు దాకా ఉన్న పైపు పీల్చే పైపు. అక్కడ చిల్లి పడితే లోపలి డీజిల్ బయటికి రాదు, బయటి గాలి లోపలికి పోతుంది. మరక ఉండదు, వాసన ఉండదు. జీపు కింద వెల్లకిలా పడుకుని టార్చిలైటు వేసి చూస్తే అంతా శుభ్రంగా, దుమ్ముతో సహా, ఎక్కడిదక్కడే ఉంటుంది.

ఈ జీపు కులగోత్రాలు చూస్తే మామూలువి కావు. ఒళ్ళు అమెరికాది. రెండో ప్రపంచ యుద్ధంలో తిరిగిన విల్లీస్ జీపును 1947లో బొంబాయిలో బిగించడం మొదలుపెట్టారు మహీంద్రా వాళ్ళు. అప్పటికి వాళ్ళ కంపెనీ పేరు మహీంద్రా అండ్ మొహమ్మద్. దేశం రెండయ్యాక ఆ మొహమ్మద్, అంటే గులాం మొహమ్మద్ గారు, పాకిస్తాన్‌కు వెళ్ళి మొదటి ఆర్థిక మంత్రి, ఆనక గవర్నర్ జనరల్ అయ్యారు. ఇక్కడేమో బోర్డు మీద ఒక మహీంద్రా పక్కన ఇంకో మహీంద్రా చేరాడు. ఇంజను ఫ్రాన్సులోని ప్యూజో వాళ్ళ డిజైను. డీజిల్ పంపు మైకో, 1951లో బెంగళూరులో పెట్టిన కంపెనీ, జర్మనీ బాష్ వాళ్ళ వంశం. మూడు ఖండాలు కలిసి దీన్ని ఇంత పకడ్బందీగా తయారుచేస్తే, గాలి మాత్రం మా దామరచర్లది పట్టింది.

పన్నెండో నంబరు పాన పట్టుకుని నేను బానెట్ దగ్గర నిలబడటమే తరవాయి, దారిన పోయేవాళ్ళు ఆగుతారు.

"ఏంది సారూ, మళ్ళ మొరాయించిందా?"

"ఎయిర్ పట్టింది."

"అయితే తోద్దాం పట్టు."

ఈ మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. బ్యాటరీ చచ్చిన బండిని తోయాలి. సెకండ్ గేరులో పెట్టి, ఊపు మీద క్లచ్ వదిలితే చక్రాలే ఇంజన్ను తిప్పుతాయి, అది న్యాయం. గాలి పట్టిన బండిని తోయడమంటే సెల్ఫ్ చేసే పనే మనుషులు చేయడం. నాజిల్ దాకా డీజిలే రానప్పుడు కృష్ణ దాటించి దాచేపల్లి దాకా తోసినా అది స్టార్ట్ కాదు. ఇదంతా చెప్పబోతే వినరు. "నువ్వు ఎక్కి కూసో సారూ" అంటారు. మన జనానికి ఆగిన బండి కనపడితే చేతులు ఊరుకోవు.

తోసేవాళ్ళలో ముందుగా చెప్పుకోవాల్సినవాడు చెయ్యి మాత్రమే ఆనించేవాడు. బలమంతా ముఖంలో పెడతాడు. పళ్ళు బిగిస్తాడు, మెడనరాలు ఉబ్బిస్తాడు, "హైసా" కూడా అందరికంటే గట్టిగా వాడిదే. కానీ జీపు ఒక్కసారి ముందుకు కదిలితే వాడి చెయ్యి గాల్లో ఉండిపోతుంది. అదే అప్పటిదాకా దాని మీద ఆనుకున్నవాడైతే బొక్కబోర్లా పడేవాడే. పడలేదంటే తోయలేదనే లెక్క. ఇంకొకాయన స్టెప్నీని పట్టుకుని తోస్తాడు. స్టెప్నీ తిరిగే రకం కాకపోవడం నా అదృష్టం. మరొకడు ఒక చేత్తో తోస్తూ రెండో చేత్తో ఫోన్ మాట్లాడతాడు. "జీపు తోస్తున్ననే, మళ్ళ చేస్త" అని చెప్పి, ఆ తర్వాత ఎందుకు తోస్తున్నదీ, ఎవరిదీ, ఎన్నేళ్ళదీ అంతా వివరిస్తాడు. అసలు తోయకుండా పక్కన నడుస్తూ "ఎడమకు కొట్టు, ఎడమకు కొట్టు" అని ఆజ్ఞలిచ్చే పెద్దమనిషి ఒకరు తప్పనిసరి. ఆయనకు టీ రెండుసార్లు పోయాలి.

పోతే, "ఒకటి, రెండు, మూడు" అనడంలో పెద్ద తంటా ఉంది. మూడు అంటూ తోయాలా, మూడు అన్నాక తోయాలా? దీని మీద మా వీధిలో ఇంతవరకు ఏకాభిప్రాయం లేదు. సగం మంది ముందే తోసి అలసిపోతారు, మిగతా సగం వాళ్ళు అలిశాక మొదలుపెడతారు. మధ్యలో జీపు ఊగుతుంది తప్ప కదలదు. పంచాయతీ ఎన్నికలప్పుడైతే ఇద్దరు అభ్యర్థులు ఒకేసారి వచ్చి చెరోవైపు భుజం పెట్టారు. ఫోటో అయిపోగానే ఇద్దరూ ఒకేసారి భుజాలు తీశారు. ర్యాంపు మీద ఉన్న జీపు వెనక్కి వస్తుంటే ఆ ఒక్క క్షణం మాత్రం రెండు పార్టీలూ కలిసి పరుగెత్తాయి.

నన్నడిగితే పెళ్ళి సంబంధం చూడబోయినప్పుడు కుర్రాడి జీతం, జాతకం తర్వాత సంగతి, ముందు వాణ్ణి ఒక జీపు తోయమనాలి. ముందుకొచ్చి టైరు దగ్గర వంగి తోసేవాడైతే పిల్లనివ్వచ్చు. "లోపల కూర్చుని స్టీరింగ్ పడతా" అనేవాడు కాపురంలోనూ అదే చేస్తాడు. "మెకానిక్‌ను పిలవండి" అనేవాడు బుద్ధిమంతుడే కానీ అత్తగారింటికి పనికిరాడు. "ఎయిర్ పట్టిన బండిని తోస్తే ఏం లాభం అంకుల్?" అని ఎవడైనా అన్నాడా, కట్నం ఎదురిచ్చి తీసుకొస్తాను. ఇంతవరకు అలాంటివాడు నాకు తగల్లేదు. మా బంధువుల్లో పెళ్ళికావలసిన పిల్లలూ ఇప్పుడు లేరనుకోండి.

సరే, గాలి దగ్గరికొద్దాం. ట్యాంకును పక్కనపెట్టి చూడమన్నాడు మా పాత మెకానిక్. ఫీడ్ పంపుకు వచ్చే పైపు ఊడదీసి, అక్కడ వేరే పైపు బిగించి, డీజిల్ నింపిన సీసాను వేపకొమ్మకు సెలైన్ బాటిల్ మాదిరిగా వేలాడదీశాను. మా ఆవిడ బయటికొచ్చి చూసి, "పక్కన కుర్చీ వేసుకుని కూర్చోండి, ఆయాసమొస్తే నర్సును పిలవచ్చు" అని లోపలికెళ్ళింది. మర్నాడు పొద్దున సెల్ఫ్ ముట్టుకోగానే జీపు స్టార్టయింది! అంటే పంపుది తప్పు కాదు, నాజిళ్ళది కాదు. దొంగ ట్యాంకుకూ పంపుకూ మధ్యలోనే ఉన్నాడు. రబ్బరు పైపులు మార్చాను. క్లిప్పులు మార్చాను. రాగి వాషర్లు ఎర్రగా కాల్చి నీళ్ళలో ముంచి మెత్తబరిచి మళ్ళీ వేశాను. సీసా తీసేసిన మర్నాడు, బుసబుస. ఇక మిగిలింది ట్యాంకు లోపల ఉండే పైపు. దానికి చిల్లి ఉందో లేదో చూడాలంటే ట్యాంకు దించాలి. దించాలంటే ముందు ఖాళీ చెయ్యాలి.

"ఇంకా ఎందుకు సారూ అది, అమ్మెయ్యరాదు" అన్నవాళ్ళకు లెక్కలేదు. నా జీపు ఢిల్లీలో ఉంటే ఈ బాధే లేదు, పదేళ్ళు దాటిన డీజిల్ బండిని అక్కడ రోడ్డెక్కనివ్వొద్దని 2015లోనే ఉత్తర్వులొచ్చాయి. 2021లో తుక్కు విధానమూ వచ్చింది. పదిహేనేళ్ళు దాటిన కారుకు రిజిస్ట్రేషన్ రెన్యువల్ ఫీజు 600 నుంచి 5000 అయింది 2022 ఏప్రిల్‌లో. సామాను కొట్టుకు పోతే కౌంటరు మీది కుర్రాడు మోడల్ పేరు విని నా ముఖం వైపు జాలిగా చూస్తాడు. నంబరు ప్లేటు ఇంకా ఏపీ 24. రాష్ట్రం టీఎస్ అయింది, టీజీ కూడా అయింది, ఇది మాత్రం పుట్టినప్పటి పేరుతోనే ఉంది. వాడపల్లి వంతెన దాటితే ఆవలి ఆంధ్రావాళ్ళు తమదే అనుకుని నవ్వుతారు.

మా నాయన దీన్ని కొన్నప్పుడు దీనికి పనుండేది. కాలువ కట్ట మీద యూరియా బస్తాలు, నారు కట్టలు, కూలీలు. వానకు కట్ట బురదైతే ఫోర్‌వీల్ వేసుకుని ఇదొక్కటే పోయేది. అర్ధరాత్రి తండా నుంచి ఎవరో వచ్చి తలుపు తట్టేవాళ్ళు, నొప్పులు పడుతున్న మనిషిని వెనక పడుకోబెట్టుకుని నాయన మిర్యాలగూడ పరుగెత్తేవాడు. 2005లో 108 బండ్లు మొదలయ్యాక ఆ తట్టడం మెల్లగా ఆగిపోయింది. మంచిదే అయింది. పొలం ఇప్పుడు కౌలుకిచ్చాం. కౌలుదారు బైకు మీద పోయి బైకు మీద వస్తాడు, కోతకు మిషనొస్తుంది. నిన్న నేను వాడపల్లి పోయింది కూడా పనుండి కాదు, బ్యాటరీ చార్జ్ కావాలని. పొద్దున్నే ఇంత హైరానా పడి స్టార్ట్ చేశాక, గేరు మీద చెయ్యేసి ఎటు పోవాలో తోచక ఇంజను వింటూ కూర్చున్న రోజులున్నాయి. అది మా ఆవిడకు తెలుసు. అడగదు.

ఇవాళ పొద్దున పాత ఇనుప సామాన్ల ఆటో మా సందులోకొచ్చింది. "పాత ఇనుముకూ, ప్లాస్టిక్ బిందెలకూ" అని మైకు అరుస్తోంది కానీ ఆటో మాత్రం మా గేటు ముందే ఆగిపోయింది. కుర్రాడు దిగి, అరుపు కట్టేసి, నా జీపును ముందు నుంచీ వెనక నుంచీ చూశాడు. కిలోల్లో చూస్తున్నాడని తెలుస్తూనే ఉంది. నేను పాన గట్టిగా పట్టుకున్నాను.

"సారూ, డీజిల్ అయిపాయె. జీపుల ఉన్నదా?"

"ఉంది."

"ఓ అయిదు లీటర్లియ్యరాదు, పైసలిస్త. ఎట్లాగూ నీది నడ్వదాయె."

ఎట్లాగూ ట్యాంకు ఖాళీ చెయ్యాల్సిందే కాబట్టి ఇంకేమీ అనలేదు. వాడు ట్యాంకు మూత తీసి, తన తెల్ల పైపు లోపలికి దించి, నోటితో ఒక్క పీల్పు పీల్చి, రెండో కొసను డబ్బాలో పెట్టాడు. నేను వంగి పైపు మొత్తం చూశాను, ఈ కొస నుంచి ఆ కొసకు. నా జీపు డీజిల్, ఒక్క బుడగ లేకుండా పోతోంది.