కోకాపేట టంకశాల

2020 ఏప్రిల్‌లో, లాక్‌డౌన్ నడుస్తుండగా, అప్పటి తెలంగాణ ముఖ్యమంత్రి కేసీఆర్ ప్రధానికి ఒక సలహా ఇచ్చారు. దేశ జీడీపీ 203.85 లక్షల కోట్లు, అందులో 5 శాతం అంటే 10 లక్షల కోట్ల పైచిలుకు, ఆ మొత్తాన్ని రిజర్వు బ్యాంకు చేత విడుదల చేయించండి, దీన్నే హెలికాప్టర్ మనీ అంటారు అని. 1969లో మిల్టన్ ఫ్రీడ్‌మన్ అనే అమెరికా ఆర్థికవేత్త ఉదాహరణకు వాడిన మాట అది. కొద్ది రోజుల్లోనే ఒక కన్నడ చానల్ ఊరూరా హెలికాప్టర్లు వచ్చి నోట్లు చల్లుతాయని చెప్పేసింది, కేంద్రం దానికి నోటీసు పంపింది. జనం చానల్‌ని చూసి నవ్వారు. అసలు సంగతి ఆ నవ్వులో కొట్టుకుపోయింది. రైతుబంధు, కాళేశ్వరం అంటూ లక్షల కోట్ల లెక్కలు అలవోకగా చెప్పే ముఖ్యమంత్రి పది లక్షల కోట్ల కోసం మరొకరిని ఎందుకు అడగాలి? ఎందుకంటే ఆ హెలికాప్టర్ బేగంపేటలో లేదు. ఏ ముఖ్యమంత్రి వచ్చినా ఉండదు.

1998లో వాజ్‌పేయి ప్రారంభించిన సైబర్ టవర్స్ నుంచి నేటి ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ దాకా, లక్షల మంది ఇంజినీర్లు పనిచేసే ఈ ఐటీ కారిడార్ పొడవునా చెలామణిలో ఉన్న ఆర్థికశాస్త్రం ఒక్కటే: సంసారం లెక్క. మంచం ఉన్నంత వరకే కాళ్లు చాపుకోవాలి, అప్పు చేసి పప్పు కూడు తినకూడదు, ప్రభుత్వమైనా అంతే. ఈ సూక్తులు చెప్పేది ముప్పయ్యో అంతస్తు ఫ్లాటు కోసం ఇరవై ఏళ్ల అప్పు మీద సంతకం పెట్టిన చెయ్యే. దాని తర్వాత వచ్చే వాక్యం అందరికీ కంఠతా వచ్చు: మా ట్యాక్స్ డబ్బుతో ఆడవాళ్లను ఉచితంగా బస్సులెక్కిస్తున్నారు. సంసారం లెక్క తప్పని అనడం లేదు. దాన్ని వర్తించని చోట వర్తింపజేసి, వర్తించే చోట గాలికి వదిలేస్తున్నామన్నదే ఫిర్యాదు.

వర్తించని చోటు ఢిల్లీ. వారెన్ మోస్లర్, స్టెఫనీ కెల్టన్ లాంటి వాళ్లు ప్రచారంలోకి తెచ్చిన మోడరన్ మానిటరీ థియరీ (ఎంఎంటీ) చెప్పేది విడ్డూరంగా వినిపిస్తుంది కానీ, సారం సులువే. రూపాయిని పుట్టించే అధికారం ఉన్న ప్రభుత్వం ఖర్చు పెట్టడానికి ముందుగా రూపాయిలు పోగేసుకోవాల్సిన పని లేదు. అది ఖర్చు పెడితేనే మన చేతికి రూపాయి వస్తుంది, వచ్చిందే పన్నుగా కడతాం. నమ్మకం కుదరకపోతే అడ్వాన్స్ ట్యాక్స్ గడువుల దగ్గర రిజర్వు బ్యాంకు ఏం చేస్తుందో చూడండి. జూన్ 15, సెప్టెంబర్ 15, డిసెంబర్ 15, మార్చి 15. కంపెనీలు పన్ను కట్టగానే ఆ సొమ్ము బ్యాంకుల నుంచి రిజర్వు బ్యాంకులోని ప్రభుత్వ ఖాతాకు వెళ్లిపోతుంది, బ్యాంకుల చేతిలో నగదు బిగుసుకుంటుంది, చాలాసార్లు రిజర్వు బ్యాంకే వాటికి రెపోలో అప్పిచ్చి ఊపిరి పోస్తుంది. ప్రభుత్వం జీతాలు, బిల్లులు చెల్లించాక గానీ ఆ బిగువు సడలదు. పన్ను కట్టిన రోజున వ్యవస్థలో డబ్బు తగ్గుతుంది, సర్కారు ఖర్చు పెట్టిన రోజున పెరుగుతుంది. రెండో తారీఖుకే జీతం ఖాళీ చేసే ఏ ఇంటికీ ఈ సౌకర్యం లేదు.

చట్టం తెలిసినవాళ్లు ఇక్కడ చెయ్యెత్తుతారు: ప్రభుత్వం అడగ్గానే నోట్లు కొట్టి ఇచ్చే పద్ధతి ఎప్పుడో పోయింది కదా అని. పోయింది. పోగొట్టిన వాళ్లలో మన మనిషీ ఉన్నాడు. లోటు పూడ్చడానికి అడ్‌హాక్ ట్రెజరీ బిల్లులు జారీ చేసే అలవాటు 1997 ఏప్రిల్‌లో ఆగినప్పుడు కడప జిల్లా నుంచి వచ్చిన వై.వి. రెడ్డి రిజర్వు బ్యాంకు డిప్యూటీ గవర్నర్. 2003 నాటి ద్రవ్య బాధ్యత (ఎఫ్‌ఆర్‌బీఎం) చట్టం ప్రకారం ప్రభుత్వ బాండ్లను జారీలోనే కొనడం 2006 ఏప్రిల్ 1 నుంచి రిజర్వు బ్యాంకు మానేసినప్పుడు ఆయనే గవర్నర్. కుళాయికి తాళం వేయడమే మంచిదని వాదించవచ్చు, అందులో బలముంది. కానీ తాళం వేయడం వేరు, నీళ్లు అయిపోవడం వేరు. 2020-21లో లోటు జీడీపీలో 9 శాతం దాటింది, ఆ ఎఫ్‌ఆర్‌బీఎం చట్టం గీసిన గీత ఎక్కడో వెనకపడిపోయింది. 2021లో రిజర్వు బ్యాంకు జీ-సాప్ పేరుతో మార్కెట్లో ప్రభుత్వ బాండ్లను లక్ష కోట్ల లెక్కన కొంది. ముందు గుమ్మంలో వద్దన్న బాండు వెనక గుమ్మం నుంచి వచ్చిందన్నమాట. 2025 మేలో ఇదే రిజర్వు బ్యాంకు తన మిగులు నుంచి 2 లక్షల 68 వేల కోట్లు కేంద్రానికి అందజేసింది. ఆ మిగులులో కేంద్రం తన బాండ్ల మీద కట్టిన వడ్డీ కూడా ఉంది. సంసారం లెక్కలో ఈ పద్దును ఎక్కడ రాయాలో సీఏలను అడగండి.

అయితే కొట్టుకుంటూ పోవచ్చా, జర్మనీ ఏమైంది, జింబాబ్వే ఏమైంది? ఈ ప్రశ్న ఎగతాళి చేయదగ్గది కాదు. 1923లో జర్మనీకి పరిహారాల భారం, పైగా రూర్ గనులూ కర్మాగారాలూ ఫ్రెంచి సైన్యం చేతిలో. జింబాబ్వేలో పంటలే కుప్పకూలాయి. కొనడానికి సరుకు లేని చోట నోటు పెంచితే ధర పెరుగుతుంది, ఆ సంగతి ఎంఎంటీ వాళ్లే చెబుతారు. హద్దు రూపాయి కాదు, సరుకు. మార్చి దాటితే మణికొండలో ట్యాంకర్ కోసం ఫోన్లు చేసే అపార్ట్‌మెంట్ కార్యదర్శికి ఈ సూత్రం ఏ ప్రొఫెసర్ కంటే బాగా తెలుసు: మెయింటెనెన్స్ ఖాతాలో డబ్బుంది, బోరులో నీళ్లు లేవు. నా పేచీ ఇంకోటి. డాలర్ కొట్టే దేశంలో కూర్చుని రాసిన సిద్ధాంతం ఇది. మనం వాడే ముడి చమురులో 85 శాతం పైగా దిగుమతి, దానికి డాలర్లు కావాలి, డాలర్లను మన రిజర్వు బ్యాంకు కొట్టలేదు. పీవీ ప్రధాని అయిన నెల తిరక్కముందే, 1991 జులైలో, 47 టన్నుల బంగారం తాకట్టుకు విదేశాలకు వెళ్లింది రూపాయిలు లేక కాదు. కాబట్టి ఢిల్లీకి హద్దులున్నాయి. సంక్షేమానికి డబ్బెక్కడిది అని ఢిల్లీ అడిగినప్పుడు మాత్రం అది హద్దు చెప్పడం కాదు, సాకు చెప్పడం.

ఇక సంసారం లెక్క అక్షరాలా వర్తించే చోటు హైదరాబాద్. ఒకప్పుడు వర్తించేది కాదు. సంస్థానాల్లో సొంత కాగితపు నోట్లు వేసుకునే అనుమతి నిజాంకే దక్కింది, 1918లో. ఏడు హాలీ సిక్కాలకు ఆరు బ్రిటిష్ రూపాయిలు. సంస్థానం పోయాక కూడా ఆ సిక్కా చెల్లి, 1959లో రద్దయింది. సిక్కాలు కొట్టిన సైఫాబాద్ టంకశాల సచివాలయం పక్కనే ఉంది. ఇప్పుడది మ్యూజియం. అదే మింట్ కాంపౌండ్‌లో కరెంటు పంపిణీ సంస్థ ప్రధాన కార్యాలయం ఉంది. డబ్బు పుట్టిన ఆవరణలో బకాయిలు లెక్కపెడుతున్నారు. చర్లపల్లిలో నాణేలు ఇప్పటికీ పుడుతున్నాయి కానీ అవి కేంద్రానివి. రాష్ట్రానికి మిగిలింది అప్పు. దానికి రాజ్యాంగం 293వ అధికరణం కింద ఢిల్లీ అనుమతి కావాలి, ఆ అప్పుల వేలాన్ని రిజర్వు బ్యాంకు మామూలుగా మంగళవారం పూట నిర్వహిస్తుంది. మంగళవారం చేసిన అప్పు తీరదని మన పెద్దలు ఊరికే అనలేదు.

టంకశాల లేని సర్కారు ఊరుకుంటుందా? కోకాపేటలో ఒకటి పెట్టుకుంది. 2023 ఆగస్టులో నగరాభివృద్ధి సంస్థ హెచ్‌ఎండీఏ అక్కడ ఒక ప్లాటును ఎకరం 100 కోట్ల 75 లక్షలకు అమ్మింది, 45 ఎకరాలకు 3,300 కోట్ల పైన వచ్చాయి. 2025 అక్టోబర్‌లో రాయదుర్గంలో ఎకరం 177 కోట్లు పలికింది. ప్రభుత్వం మారింది, టంకశాల మారలేదు. డబ్బులు చెట్లకు కాస్తాయా అని పిల్లల్ని కసురుకుంటాం. కాయవు, చెట్లు కొట్టేస్తే కాస్తాయని కంచ గచ్చిబౌలిలో 400 ఎకరాల మీదికి బుల్‌డోజర్లు పంపిన ప్రభుత్వం కనిపెట్టింది. 2025 ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు ఆపాల్సి వచ్చింది. నోటుకూ ఎకరానికీ ఒక తేడా ఉంది. రిజర్వు బ్యాంకు పాత నోటును వెనక్కి తీసుకుని కొత్తది ఇస్తుంది. అమ్మిన ఎకరం వెనక్కి రాదు. భూములమ్మి ఇల్లు గడపడం ఏ సంసారం లెక్కలోనూ ఒప్పు కాదు, అయినా పొదుపు పాఠాలు చెప్పే కారిడార్ వేలం రేటు పెరిగినప్పుడల్లా తన ఫ్లాటు విలువ పెరిగిందని సంబరపడుతుంది.

అభివృద్ధే కదా, ప్రైవేటు డబ్బే కదా అనే మాట కూడా నిలవదు. బ్యాంకు అప్పిచ్చేటప్పుడు ఎవరి డిపాజిట్టో తీసివ్వదు, అప్పు రాస్తూనే కొత్త డిపాజిట్టును సృష్టిస్తుందని బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ 2014లోనే తన బులెటిన్‌లో విడమరిచి రాసింది. ఎకరం కొన్న బిల్డరు ఆ ధరను ఎక్కడ రాబట్టుకుంటాడు? ఫ్లాటులో. ఫ్లాటు కొనేవాడు ఎక్కడి నుంచి తెస్తాడు? హోమ్ లోన్. కోకాపేట టంకశాలకు కావాల్సిన డబ్బు ఇరవై ఏళ్ల ఈఎంఐ మీద సంతకం పెట్టినప్పుడు పుడుతోంది, పెట్టేది మీరే. కోటిన్నర ఫ్లాటుకు స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషన్ కలిపి 7.5 శాతం, అంటే 11 లక్షల 25 వేలు, నేరుగా రాష్ట్రానికి కట్టేదీ మీరే. కాబట్టి ప్రభుత్వాన్ని నిలదీయండి, హక్కుంది. కాకపోతే సరైన రసీదు పట్టుకుని వెళ్లండి. జీతంలో కోసే టీడీఎస్ ఢిల్లీకి పోతుంది. రాష్ట్రాలతో పంచుకునే పన్నుల మూటలో, 2021-26 కాలానికి, ప్రతి వంద రూపాయల్లో తెలంగాణ వాటా 86 పైసలు. మీ పే స్లిప్పులో తెలంగాణ ఖజానాకు నేరుగా వెళ్లే పద్దు ఒక్కటే: ప్రొఫెషనల్ ట్యాక్స్, నెలకు 200 రూపాయలు.