21 మార్కుల కాలిక్యులస్

ఇంజనీరింగ్ ఫస్టియర్ పిల్లలకు లెక్కలు రావడం లేదని పెద్దలంతా ఒకటే బెంగ పెట్టుకున్నారు. ఇంటర్లో మార్కులు కుప్పపోసినవాడు ఎం-వన్ దగ్గరికొచ్చేసరికి చతికిలబడుతున్నాడని సెమినార్లు పెట్టి మరీ వాపోతున్నారు. నేను ఆ బెంగలో వాటా పుచ్చుకోను. మన పిల్లలకు వచ్చినంత లెక్క లగ్రాంజ్‌కైనా వచ్చేదా అని నా అనుమానం. కాకపోతే ఆ లెక్క సిలబస్‌లో లేదు.

ముందు సబ్జెక్టు సంగతి. జేఎన్‌టీయూ హైదరాబాద్ ఆర్22 రెగ్యులేషన్లో ఎం-వన్ అసలు పేరు ‘మాట్రిసెస్ అండ్ కాలిక్యులస్’. 4 క్రెడిట్లు, 5 యూనిట్లు. మొదటి రెండు యూనిట్లు మాట్రిక్సులవి. మూడోది ఇంటర్ కాలిక్యులస్‌కు పొడిగింపు. నాలుగు, ఐదు యూనిట్లలో అసలు సరుకు ఉంటుంది, మల్టీవేరియబుల్ కాలిక్యులస్. నాలుగులో పార్షియల్ డెరివేటివ్‌లు, ఐదులో డబుల్, ట్రిపుల్ ఇంటిగ్రల్స్. లోకంలో ఏదీ ఒక్క కారణంతో జరగదు, నాలుగైదు కారణాలు కలిసి కదులుతాయి, ఒక్కోదాని వాటా ఎంతో తేల్చే విద్య ఇది అని మ్యాథ్స్ సార్ మొదటి రోజే చెబుతారు. స్పాట్ అడ్మిషన్ల వాళ్లు అప్పటికింకా చేరలేదు కాబట్టి ఆ మాట వాళ్లకు అందదు. చేరినవాళ్లు సెక్షన్ వాట్సాప్ గ్రూపు తెరిచే హడావుడిలో ఉంటారు కాబట్టి వాళ్లకూ అందదు.

మా మేనల్లుడు రింగు రోడ్డు అవతల ఒక కాలేజీలో సీఎస్‌ఈ, అందులోనూ ఏఐ-ఎంఎల్ చదువుతున్నాడు. మొన్న ఇంటికొస్తే, పెద్దరికం వెలగబెడదామని పలకరించాను.

‘‘ఏరా అల్లుడూ, ఎం-వన్ ఎంతదాకా వచ్చింది?’’

‘‘అయిపోయింది మావయ్యా. ఇంటర్నల్ 19, ఎక్స్‌టర్నల్ 21.’’

‘‘పరీక్షే ఇంకా కాలేదు కదరా!’’

‘‘అవును, రాయడం ఒక్కటే మిగిలింది.’’

నేను నోరు తెరవడం చూసి జాలిపడ్డాడు. టీపాయ్ మీదున్న కరెంటు బిల్లు తిరగేసి రెండు అక్షాలు గీశాడు. అడ్డంగా ఇంటర్నల్, 40 దాకా. నిలువుగా ఎక్స్‌టర్నల్, 60 దాకా. 14 దగ్గర ఒక నిలువు గీత. అంతకు తగ్గితే ఇంటర్నల్‌లో ఫెయిల్. 21 దగ్గర ఒక అడ్డ గీత. అంతకు తగ్గితే ఎక్స్‌టర్నల్‌లో ఫెయిల్. రెండూ కలిపితే 35. కానీ పాసవ్వాలంటే మొత్తం 40 ఉండాలి కాబట్టి ఒక ఏటవాలు గీత. మూడు గీతలకూ అవతలున్న భాగాన్ని పెన్సిల్‌తో నీటుగా రుద్దాడు. ఇటు సప్లీ, అటు పాస్.

‘‘మూలలు రెండే మావయ్యా. ఒకటి 14, 26. ఇంకోటి 19, 21. ఎక్స్‌టర్నల్ మార్కు ఖరీదు, ఇంటర్నల్ మార్కు చవక. అందుకని రెండో మూలకే వెళ్తాం.’’

‘‘ఇంటర్నల్ చవకేమిట్రా?’’

‘‘అసైన్‌మెంట్‌కి 5, పీపీటీకి 5. ఆ పదీ వచ్చేస్తాయి. మిడ్ 30కి 9 తెచ్చుకుంటే 19. మిడ్‌లో బిట్ పేపరే 10.’’

పీపీటీ అంటే ఐదుగురి బ్యాచ్. ‘నిజజీవితంలో పార్షియల్ డెరివేటివ్‌ల ఉపయోగాలు’ అని టాపిక్. ఒకడు డౌన్‌లోడ్ చేస్తాడు, ఒకడు ప్రొజెక్టర్ వైరు పెడతాడు, ఒకడు హెడ్డింగులు చదువుతాడు, ఒకడు థాంక్యూ స్లైడు చదువుతాడు, ఐదోవాడు ఫొటో తీస్తాడు. మార్కులు అందరికీ సమానమే.

‘‘మరి ఎక్స్‌టర్నల్?’’

‘‘పార్ట్-ఎ 10 మార్కులు, యూనిట్‌కి రెండు బిట్లు. పార్ట్-బిలో యూనిట్‌కి పది చొప్పున 50. మాట్రిక్సుల యూనిట్లు రెండూ ఊదేస్తే 20. పార్ట్-ఎలో ఒక్కటంటే ఒక్కటి తగిలితే 21.’’

‘‘మల్టీవేరియబుల్ యూనిట్లో?’’

‘‘ఛాయిస్‌లో వదిలేశాం.’’

‘‘ఛాయిస్ యూనిట్ లోపల కదరా, ఇది లేదా అది అని?’’

‘‘వాళ్లు యూనిట్ లోపల ఇచ్చారు. మేం యూనిట్ల మధ్య తీసుకున్నాం.’’

కాలిక్యులస్ ముట్టకుండా కాలిక్యులస్ పాసయ్యే దారి వాడు కనిపెట్టలేదు. రెగ్యులేషన్లోనే ఉంది. వాడు చదివాడు, అంతే. నన్ను ఆశ్చర్యపరిచింది మాత్రం వేరే. షరతులు రాసుకోవడం, పాసయ్యే ప్రాంతాన్ని గీయడం, మూలలు పట్టడం, ఎక్కడ శ్రమ తక్కువో తేల్చడం! జోసెఫ్ లూయీ లగ్రాంజ్ (1736-1813) పేరుతో నాలుగో యూనిట్‌లో ఉన్నది ఈ జాతి విద్యే, షరతులకు లోబడి గరిష్ఠమో కనిష్ఠమో పట్టడం. అందులో వచ్చే లాంబ్డాకు ఒక అందమైన అర్థముంది. షరతును ఒక్క మెట్టు సడలిస్తే మనకెంత కలిసొస్తుందో అది చెబుతుంది. ‘‘ఆ 21ని 20 చేశారనుకో, నీకేం మిగులుతుందిరా?’’ అనడిగాను. ఆలోచించకుండా చెప్పాడు. ‘‘ఒక్క పార్ట్-ఎ బిట్టు మావయ్యా. కాకపోతే మొత్తం 40కి ఇంటర్నల్‌లో ఒక్క చవక మార్కు ఎక్కువ తెచ్చుకోవాలి.’’ లాంబ్డా విలువ అంత కచ్చితంగా చెప్పినవాడికి, లాంబ్డా ఉన్న యూనిట్ మాత్రం రాదు.

అటెండెన్స్‌దీ ఇదే వరస. 75 శాతం ఉంటే నిశ్చింత. 65కీ 75కీ మధ్య పడితే కారణం చూపించి, కండొనేషన్ ఫీజు కట్టాలి. 65 దిగితే డీటెయిన్. అందుకే మన ఇంజనీరింగ్ కాలేజీల్లో ఒక విచిత్రమైన వైరల్ జ్వరం తిరుగుతుంటుంది. అది సెమిస్టర్ మధ్యలో వస్తుంది, మెడికల్ సర్టిఫికెట్‌తో సహా వస్తుంది, 66 దగ్గర టక్కున తగ్గిపోతుంది. థర్మామీటర్‌కంటే పోర్టల్ చూసుకుని నడిచే జ్వరమది.

ఆంధ్రప్రదేశ్ పిల్లలది ఇంకో అదృష్టం. హైదరాబాద్ ఆర్22లో రెండు మిడ్‌ల సగటు తీస్తారు. ఆంధ్రప్రదేశ్ జేఎన్‌టీయూల ఆర్23లో బాగా రాసిన మిడ్‌కు 80 శాతం, రెండోదానికి 20 శాతం విలువ కడతారు. మనిషి చేసిన మంచికి 80, చెడుకు 20 వేసే దయ చిత్రగుప్తుడి చిట్టాలో కూడా ఉన్నట్టు వినలేదు. ఇక్కడొక తమాషా ఉంది. ఈ ఫార్ములా రెండు చరరాశుల ప్రమేయమే. రెండు మిడ్‌లలో మార్కులు సమానమైన చోటల్లా దానికి మడత పడుతుంది, అక్కడ డెరివేటివ్ ఉండదు. నాలుగో యూనిట్‌కు ఇంతకంటే మంచి ఉదాహరణ ఏ పుస్తకంలోనూ దొరకదు. క్లాసులో ఎవరూ చెప్పరు. ఒక మిడ్ బాగా వచ్చినవాడు రెండో మిడ్ ముందురోజు సినిమాకెళతాడు. థియరీ తెలియకుండా ప్రాక్టికల్ చేసేశాడన్నమాట.

ఇక అసైన్‌మెంట్. పార్షియల్ డెరివేటివ్‌కు వాడే వంకర ‘డి’ని మన పిల్లలు ‘డో’ అంటారు. లెజాండ్ర్ 1786లో వాడి వదిలేసిన గుర్తును, జాకోబీ 1841లో మళ్లీ ఎత్తుకుని నిలబెట్టాడు. అప్పట్నుంచి నూట ఎనభై ఏళ్లకు పైగా చెక్కుచెదరని ఆ గుర్తు, సీఎస్‌ఈ వాట్సాప్ గ్రూపులో ఒక్క రాత్రిలో కరిగిపోయింది. మా అల్లుడు చూపించిన అసైన్‌మెంట్లే సాక్ష్యం. మొదట రాసిన అమ్మాయి కాగితంలో ‘డో’ ముచ్చటగా ఉంది. దాన్ని ఫొటో తీసి ఎక్కించుకున్నవాడి కాగితంలో అది కాస్త నిలబడింది. నాలుగో చేతికి వచ్చేసరికి చక్కటి 6 అయి కూర్చుంది.

ఆ నాలుగో చెయ్యి ముందు ఆయిలర్ సిద్ధాంతం ఉంది. ఎక్స్ ఇంటూ డో యు బై డో ఎక్స్, ప్లస్ వై ఇంటూ డో యు బై డో వై, ఈక్వల్స్ ఎన్ యు. ఇక్కడ ఎన్ అంటే ప్రమేయం డిగ్రీ. వాడికి పైనా 6, కిందా 6 కనిపించాయి. చిన్నప్పుడు బళ్లో నేర్చిన న్యాయం ప్రకారం 6కూ 6కూ కొట్టేశాడు. మిగిలింది యు బై ఎక్స్. బయటున్న ఎక్స్‌తో ఎక్స్ కూడా పోయింది, యు మిగిలింది. రెండో ముక్కలోనూ అదే సంహారం, అక్కడా యు మిగిలింది. యు ప్లస్ యు, 2యు. లెక్కలో డిగ్రీ 2. జవాబు కరెక్టు! కింద రెండు గీతలు గీసి ‘హెన్స్ ప్రూవ్డ్’ అని రాశాడు. రెండో లెక్కలో డిగ్రీ 3. అక్కడ కూడా కొట్టివేతల తర్వాత 2యు వచ్చింది, అక్కడ కూడా ప్రూవ్డే. రెండింటి పక్కనా ఎర్ర ఇంకుతో టిక్కు, 5కి 5.

టిక్కు పెట్టిన సార్‌ని ఏమీ అనకండి. ఆయనవీ షరతులే. ఇన్ని సెక్షన్లు, ఇన్ని కాగితాలు, పోర్టల్‌లో అటెండెన్స్, నాక్ కోసం సీఓ-పీఓ మ్యాపింగ్ ఫైళ్లు, ఆపైన పాస్ పర్సంటేజీ. టైమ్‌టేబుల్‌లో ఉన్న ఒక్క ట్యుటోరియల్ గంటను సీ లాంగ్వేజ్ మేడం అప్పు తీసుకుంటారు, తిరిగివ్వరు. ఐదో యూనిట్‌కు చివర రెండు క్లాసులు దొరుకుతాయి. మొదటి దాంట్లో డబుల్ ఇంటిగ్రల్స్, రెండో దాంట్లో ట్రిపుల్. మిగతాది ‘హోమ్ వర్క్’. ఆఖర్న బోర్డు మీద ఇంపార్టెంట్స్ రాసి, సెల్‌ఫోన్లన్నీ పైకి లేచాక ఆయన డస్టర్ పట్టుకుంటారు.

ఆ ఇంపార్టెంట్స్‌లో ఒక మూతలేని పెట్టె ఉంటుంది. దాని ఘనపరిమాణం 32, అతి తక్కువ రేకుతో చేయాలి, కొలతలెంత? 4, 4, 2. గ్రేవాల్ పుస్తకంలో ఉన్నదీ, ఆల్ ఇన్ వన్ గైడులో ఉన్నదీ, తండ్రులు రాసిందీ, కొడుకులు రాస్తున్నదీ ఈ పెట్టే. మూత ఎందుకు లేదని ఎవరూ అడగలేదు. ఎప్పుడైనా ప్రశ్నపత్రం తయారుచేసే ఆయనకు చిలిపి పుట్టి 32ని 108 చేస్తే 6, 6, 3 రావాలి. ఆన్సర్ షీట్లలో మాత్రం 4, 4, 2 కొలతలతో పెట్టెలు వరసగా వచ్చిపడతాయి. అలాగే ఆర్డర్ మార్చి ఇంటిగ్రేట్ చేయమనే ఒక పాతకాపు లెక్క ఉంది, జవాబు 3/8. హద్దులు మార్చడం రాకపోయినా, గీసిన బొమ్మ పెరాబోలాలా కాక పెరుగన్నంలా ఉన్నా, చివరి పంక్తిలో 3/8 తప్పకుండా ఉంటుంది.

పరీక్షలు ఎప్పుడూ ఇలాగే ఉండేవనుకోకండి. సెకండ్ సెమిస్టర్లో మన పిల్లలు భయపడే స్టోక్స్ సిద్ధాంతం మొదటిసారి అచ్చులో కనబడిందే ఒక ప్రశ్నపత్రంలో, 1854లో కేంబ్రిడ్జి స్మిత్స్ ప్రైజ్ పరీక్షలో. పేపర్ పెట్టినాయన స్వయంగా స్టోక్స్. రాసినవాళ్లలో మాక్స్‌వెల్ ఒకడు. అంతకుముందు ఏ పుస్తకంలోనూ అచ్చవ్వని సిద్ధాంతాన్ని పరీక్ష హాల్లో నిరూపించమన్నారు! అదే మన దగ్గరైతే మధ్యాహ్నానికల్లా ‘అవుట్ ఆఫ్ సిలబస్’ అని ధర్నా, సాయంత్రానికల్లా యాడ్ స్కోర్ ప్రకటన. మాక్స్‌వెల్‌కు ఆ సౌకర్యం లేక, తర్వాత విద్యుదయస్కాంత సమీకరణాలు రాసుకుంటూ బతకాల్సి వచ్చింది.

ఇంకో ముచ్చట. మా అల్లుడి బ్రాంచి ఏఐ-ఎంఎల్ అన్నాను కదా. ఆ బ్రాంచి సీట్లకు జనం ఎగబడుతున్నారు కదా. న్యూరల్ నెట్‌వర్క్‌ను తీర్చిదిద్దే పద్ధతికి బ్యాక్‌ప్రొపగేషన్ అని పేరు. దాన్ని లోకానికి పరిచయం చేసి పేరు తెచ్చిన వ్యాసం 1986లో ‘నేచర్’ పత్రికలో వచ్చింది, రూమెల్‌హార్ట్, హింటన్, విలియమ్స్ రాశారు. ఆ హింటన్‌కే 2024లో ఫిజిక్స్ నోబెల్‌లో సగం వాటా దక్కింది. ఆ పద్ధతిని విప్పి చూస్తే లోపలున్నది పార్షియల్ డెరివేటివ్‌లు, చైన్ రూల్. అంటే సాక్షాత్తూ మన నాలుగో యూనిట్. ఛాయిస్‌లో వదిలేసినది. ఆ యూనిట్ అసైన్‌మెంట్‌ను మా అల్లుడు చాట్‌జీపీటీతో రాయిస్తున్నాడు. ఆ యంత్రం తయారైందే పార్షియల్ డెరివేటివ్‌లను లెక్కకట్టి, లెక్కకట్టి, తప్పు దిద్దుకుంటూ. తరగతిలో ఒక్కరైనా నాలుగో యూనిట్ శ్రద్ధగా నేర్చుకున్నారని సార్ సంతోషించాలి. పాపం దానికి హాల్ టికెట్ లేదు.

ఇవన్నీ చూశాక నాకు తేలిందేమిటంటే, మనవాళ్లకు పరీక్ష పెట్టిన ప్రతిదీ బట్టీకి వెళ్తుంది, పరీక్ష పెట్టనిది బుర్రకెక్కుతుంది. ఐదు యూనిట్లు పరీక్షకు పెట్టారు, పెట్టెలూ 3/8లూ మిగిలాయి. రెగ్యులేషన్లు పరీక్షకు పెట్టలేదు, వాటిలో ఒక్కొక్కడు పీహెచ్‌డీ స్థాయికి చేరాడు.

అందుకని ఉన్నత విద్యామండళ్ల వారికి ఒక విన్నపం చేయాలనుకున్నాను. రెగ్యులేషన్ల పుస్తకాన్నే ఎం-వన్ సిలబస్ చేసేయండి. యూనిట్ వన్ అటెండెన్స్, జ్వరాలు. యూనిట్ టూ మిడ్‌లు, సగటు, 80-20 సూత్రం. యూనిట్ త్రీ అసైన్‌మెంట్, దాని ప్రసార మార్గాలు. యూనిట్ ఫోర్ పాసయ్యే ప్రాంతం, దాని మూలలు. యూనిట్ ఫైవ్ రీవాల్యుయేషన్, సప్లీ, లేట్ ఫీజు. పాస్ పర్సంటేజీ నూటికి నూరు ఖాయం. మల్టీవేరియబుల్ కాలిక్యులస్ కూడా దొంగచాటుగా అందులోనే నేర్చేసుకుంటారు.

పంపేముందు అల్లుడికి చదివి వినిపించాను. వాడు కంగారుపడ్డాడు.

‘‘అంత పని చేయకు మావయ్యా! సిలబస్‌లో పెట్టావంటే ఇక ఎవడికీ రాదు. 14, 21, 40 అని బట్టీ పట్టి, రూలు మారినా అవే రాసొస్తాం.’’