పాఠం చెప్పే గుర్రం

నేను మీరట్‌లోని రిమౌంట్ వెటర్నరీ కోర్ శిక్షణ కేంద్రంలో పనిచేసే గుర్రాన్ని. సైన్యం గుర్రాలను పెంచే బాబూగఢ్‌లో పుట్టాను. సహారన్‌పూర్ రిమౌంట్ డిపోలో కళ్ళెం, జీను అలవాటు చేసుకున్నాను. మా కోర్ 1779లో బెంగాల్‌లో మొదలైంది.

నన్ను తయారు చేయడానికి ఏళ్లు పట్టాయి. మా అమ్మ నన్ను 11 నెలలు మోసింది. మూడేళ్లు దాటాక గానీ నా వీపు మనిషి బరువుకు ఆగలేదు. నా మీద మొదట ఎక్కినవాడు ఆరితేరిన దఫేదారు. ఇప్పుడు ఎక్కేది కొత్త రిక్రూట్లు. పచ్చి గుర్రానికి పండిన సవారు, పచ్చి సవారుకు పండిన గుర్రం కావాలి. ఈ జోడీ తప్పితే ఇద్దరికీ దెబ్బలే.

శిక్షకుడు పొడవాటి పగ్గం పట్టుకుని మధ్యలో నిలబడతాడు. నేను అతని చుట్టూ పరుగు తీస్తాను. కుర్రాడికి రికాబులుండవు. భయంతో మోకాళ్లు బిగిస్తాడు, ఒక పక్కకు జారుతాడు. నేను వేగం తగ్గించి అతన్ని నిలబెడతాను. నడుము వదులు చేసి నా అడుగుతో కలిసిన రోజున అతను సవారు అవుతాడు. అలాంటి ఓపిక పచ్చి గుర్రానికి రాదు.

నన్ను నడిపించే చేతులు మరికొన్ని ఉన్నాయి. నాలుగు నుంచి ఆరు వారాలకోసారి లాడాలు మార్చాలి. గిట్ట అంచుకు నొప్పి తెలియదు, లోపలంతా ప్రాణమే. చీల కాస్త లోపలికి వాలితే కుంటుతాను. అందుకే మా లాడాల ఉస్తాద్ సుత్తి దెబ్బను చెవిపెట్టి వింటాడు. చప్పుడు మెత్తబడగానే చీల వెనక్కి లాగేస్తాడు. ఇక నా ఆలనాపాలనా చూసే సయీసు సంగతి. మాకు వాంతి రాదు, తిన్నది పడకపోతే కడుపుశూలతో ప్రాణం మీదికొస్తుంది. నేను దాణా వదిలేసి డొక్కవైపు తిరిగి చూశానంటే చాలు, అతను డాక్టరు కోసం పరిగెడతాడు.

1982 ఢిల్లీ ఆసియా క్రీడల్లో మన సైన్యంలోని 61వ కావల్రీకి చెందిన రఘుబీర్ సింగ్ ఈవెంటింగ్ అనే గుర్రపుస్వారీ పోటీలో బంగారు పతకం గెలిచాడు. అలాంటి ప్రతి గెలుపు వెనకా ఇలాంటి సయీసులు, ఉస్తాదులు ఉంటారు.

నాకొక విన్నపం ఉంది. ఐదేళ్ల తర్వాత కావలసిన గుర్రం కోసం ఈ ఏడే ఆడగుర్రాన్ని దాటిస్తారు. మనుషుల విషయంలోనూ అంత ముందుచూపు ఉండాలి. ఉస్తాద్ రిటైరయ్యాక ఖాళీ భర్తీ చేస్తే కొత్తవాడికి సుత్తి దొరుకుతుంది గానీ ఆ చెవి దొరకదు. ఆయన కొలువులో ఉండగానే పక్కన ఇద్దరు శిష్యులను కూర్చోబెట్టండి. జీనులు, గడ్డి, దాణా డబ్బిస్తే వస్తాయి. పని తెలిసిన చెయ్యి మాత్రం మరో చెయ్యి పక్కనే తయారవుతుంది.