బొంత కడుపున పుట్టాను

నా తల్లి ఒక బొంత. మాటవరసకి అనడం లేదు. మిగతా పుస్తకాలు రాతప్రతుల్లోంచి పుడితే నేను గుడ్డ పేలికల్లోంచి, సూదీ దారంలోంచి, కాన్వాస్ బట్ట మీద వేసిన రంగుల్లోంచి పుట్టాను. ఆరడుగుల పైచిలుకు పొడవున్న మా అమ్మ ఇప్పుడు న్యూయార్క్‌లోని గుగ్గెన్‌హైమ్ మ్యూజియం సొత్తు. ఆవిడని ఎవరూ కప్పుకోరు, ముట్టుకోనివ్వరు కూడా. నన్ను మాత్రం ఎందరో పిల్లలు గుండెల మీద పెట్టుకుని నిద్రపోయారు.

నా పేరు 'టార్ బీచ్'. తారు పూసిన సముద్రతీరం. అందులో సముద్రం లేదు. న్యూయార్క్ నగరంలోని హార్లెమ్ పేటలో అద్దె మేడలకి వాన దిగకుండా పైకప్పు మీద తారు పూసేవాళ్ళు. ఎండాకాలం రాత్రుల్లో గదుల్లో ఉక్క భరించలేక నల్లజాతి కుటుంబాలు పరుపులు, మడత బల్లలు, వండిన కూరలు మోసుకుని డాబా ఎక్కేవి. సముద్రం దాకా పోలేని రోజున ఆ తారు కప్పే వాళ్ళకి సముద్రతీరం. పెద్దవాళ్ళు పేకాడుకుంటుంటే పిల్లలు పరుపు మీద వెల్లకిలా పడుకుని చుక్కలు చూసేవాళ్ళు.

అలా చుక్కలు చూసిన పిల్లల్లో మా అమ్మమ్మ ఒకతె. అమ్మమ్మంటే మా అమ్మని కుట్టినావిడ, ఫెయిత్ రింగ్‌గోల్డ్. 1930లో హార్లెమ్‌లోనే పుట్టింది. చిన్నప్పుడు ఉబ్బసం. బడికి పోలేని రోజుల్లో వాళ్ళమ్మ విలీ పోజీ మంచం పక్కన రంగులు, గుడ్డముక్కలు పెట్టేది. విలీ పోజీ దుస్తుల డిజైనర్. ఆ ఇంట్లో కుట్టుపని తరాల నుంచి వస్తోంది. పైకి పోయి వెతికితే బానిసత్వంలో పుట్టి, బానిసగానే బొంతలు కుట్టిన సూసీ షానన్ కనబడుతుంది. తన ఒంటి మీద తనకే హక్కు లేని మనిషి చేతి పని అది. నా పుట్టుకని నేను అక్కణ్ణించే లెక్కపెట్టుకుంటాను.

1980లో అమ్మమ్మ, వాళ్ళమ్మ కలిసి కూర్చుని ఒక బొంత కుట్టారు. మరుసటి ఏడు విలీ పోజీ పోయింది. అమ్మమ్మ సూది వదల్లేదు. అప్పటికి ఆవిడ తన జీవితకథ రాసుకుని ఉంది, అచ్చువేసే వాళ్ళే దొరకలేదు. దాంతో కథల్ని బొంతల మీద రాయడం మొదలుపెట్టింది. బొంత ఫొటో అచ్చయిన చోటల్లా తన మాటలూ అచ్చవుతాయి కదా, ఎవరి అనుమతీ అక్కర్లేదు! ఎంత తెలివైన మొండితనమో చూడండి. అలా 1988లో మా అమ్మ పుట్టింది. మధ్యలో డాబా బొమ్మ, పైనా కిందా బట్ట మీద రాసిన కథ, చుట్టూ పువ్వుల గుడ్డముక్కల అంచు. ఆ కథకి బొమ్మలన్నీ మళ్ళీ వేస్తే 1991లో నేనయ్యాను. మా అమ్మ అంచుని నా ప్రతి పేజీ అడుగునా అచ్చువేశారు. పిల్లలు ఆ పువ్వుల్ని గోటితో గీరి చూస్తారు, గుడ్డేమోనని.

నా కథ 1939లో జరుగుతుంది. కథలోని పిల్ల క్యాసీకి ఎనిమిదేళ్ళు. డాబా మీంచి లేచి రాత్రి ఆకాశంలో ఎగురుతుంది. జార్జ్ వాషింగ్టన్ వంతెన దీపాలు కంఠహారంలా కనిపిస్తే, వంతెన నాదే అంటుంది. ఆ వంతెన 1931లో తెరిచారు, క్యాసీ పుట్టింది కూడా ఆ రోజే. ఆ వంతెన ఉక్కు తాళ్ళు ఎత్తి కట్టిన వాళ్ళలో వాళ్ళ నాన్న ఒకడు. అంత ఎత్తున నడిచిన మనిషిని కార్మిక సంఘంలో చేర్చుకోరు. వాళ్ళ తాత సభ్యుడు కాదట, అందుకని. తాతని మాత్రం చేర్చుకున్నదెవరు, ఆ ఒంటి రంగుతో! పని వెతుక్కుంటూ వెళ్ళిన నాన్న ఇంటికి రాకపోతే అమ్మ చలికాలమంతా ఏడుస్తుంది. అందుకే క్యాసీ సంఘం భవనం మీదుగా ఎగిరి, దాన్ని నాన్నకి ఇచ్చేస్తుంది. రోజూ రాత్రి అందరూ ఐస్‌క్రీమ్ తినాలని ఐస్‌క్రీమ్ కంపెనీ కూడా తీసేసుకుంటుంది. బానిసలు రెక్కలు కట్టుకుని ఆఫ్రికాకి ఎగిరిపోయారని నల్లజాతి ముసలివాళ్ళు చెప్పుకునే పాత కథలున్నాయి. ఆ రెక్కలే ఇవి. అయితే క్యాసీ పారిపోదు. తమ్ముడికి కూడా ఎగరడం నేర్పి, ఇల్లూ వాకిలీ ఉన్న చోటే చుట్టూ తిరుగుతుంది. నాకు అన్నిటికంటే ఇష్టమైన సంగతి ఇదే.

1992లో నాకు కాల్డెకాట్ ఆనర్, కొరెటా స్కాట్ కింగ్ అవార్డు వచ్చాయి. అట్ట మీద ముద్రలు మెరిసేవి. కానీ నా అరలోని పెద్దల గురించి చెప్పకుండా ఆ గొప్ప చెప్పుకోలేను. 1920, 21ల్లో రచయితలు డుబోయిస్, జెస్సీ ఫాసెట్ నల్లజాతి పిల్లల కోసం 'బ్రౌనీస్ బుక్' అనే పత్రిక నడిపారు. ఇరవైనాలుగు సంచికలు వచ్చి ఆగిపోయింది. 1930ల చివర్లో హార్లెమ్‌లోని 135వ వీధి లైబ్రరీలో పిల్లల విభాగానికి వచ్చిన అగస్టా బేకర్ అరలన్నీ వెతికితే, నల్లపిల్లల్ని వెక్కిరించే బొమ్మలే ఎక్కువ కనిపించాయి. ఆవిడ మంచివి ఏరి ఏరి వేరే సేకరణ పెట్టింది. పాతికేళ్ళ తర్వాత, 1965లో, నాన్సీ లారిక్ అనే ఆవిడ లెక్క తీసింది. మూడేళ్ళలో వచ్చిన 5,206 పిల్లల పుస్తకాల్లో నల్లజాతి మనిషి ఒక్కరైనా కనిపించేవి 349. వందకి ఏడు కూడా లేవు. నేను పుట్టేదాకా ఇంతమంది చోటు పట్టి ఉంచారన్నమాట.

నేను హార్లెమ్‌లో ఒక లైబ్రరీ శాఖకి చేరాను. ఏ శాఖో చెప్పను. అక్కడ నాకొక బాధ ఉండేది. ఫిబ్రవరి వచ్చేసరికి నన్ను తుడిచి బల్ల మీద నిలబెట్టేవాళ్ళు. అమెరికాలో అది నల్లజాతి చరిత్ర నెల. మార్చి ఒకటిన మళ్ళీ అరలోకి. క్యాసీ ఎగిరేది ఎండాకాలంలో. జూలైలో, ఉక్కపోసే రాత్రి, నన్ను అడిగే పిల్ల కోసం నేను ఎదురుచూసేదాన్ని.

2003 జూలైలో వచ్చింది. ఆరేళ్ళ పిల్ల, నాయనమ్మ చెయ్యి పట్టుకుని. నాయనమ్మ సౌత్ కరోలినా నుంచి చిన్నతనంలో వచ్చినావిడ. ఆ రాత్రి నన్ను చదువుతూ డాబా పేజీ దగ్గర నవ్వింది. "అరికాళ్ళకి తారు అంటుకునేదే. మా అమ్మ కిరసనాయిలు పెట్టి రుద్దేది." సంఘం పేజీ దగ్గరికి వచ్చేసరికి గొంతు ఆగింది. చాలాసేపటికి అంది: "మీ తాత కూడా ఇలాగే తిరిగాడే తల్లీ. ఇళ్ళకి రంగులేస్తే గోడ అద్దంలా ఉండేది. చేతిలో పనుంది, సంఘం కార్డు లేదు." పిల్ల నా పేజీలోని నాన్నని, గోడ మీది తాత ఫొటోని మార్చి మార్చి చూసింది. ఇంకోసారి చదవమంది. ఆ నెలలో ఎన్నిసార్లు చదివారో లెక్క లేదు.

తర్వాత నాయనమ్మ జబ్బుపడింది. ఇల్లు మారారు. గడువు దాటింది, రుసుము పెరిగింది, పెరిగిన కొద్దీ లైబ్రరీ వైపు వెళ్ళడానికి సిగ్గు. నన్ను నాయనమ్మ ఊరి నుంచి తెచ్చుకున్న రెండు బొంతల మధ్య పెట్టి ట్రంకు పెట్టె మూసేశారు. పద్దెనిమిదేళ్ళు అలాగే ఉన్నాను. చీకటి అని భయం వెయ్యలేదు. బొంతల వాసన నాకు పుట్టింటి వాసన.

2021 అక్టోబరులో న్యూయార్క్ లైబ్రరీలు ఆలస్య రుసుములు ఎత్తేశాయి, పాత బాకీలూ కొట్టేశాయి. ఆ వారంలోనే పెట్టె మూత తెరుచుకుంది. ఆరేళ్ళ పిల్ల ఇరవైనాలుగేళ్ళ మనిషయింది. చంకలో కొడుకు, చేతిలో నేను. కౌంటర్ దగ్గర తల వంచుకుని నన్ను ముందుకి తోసింది. అక్కడి ఆవిడ ఒక్క మాట కూడా అడగలేదు. అట్ట తడిమి, "వచ్చావా" అంది. నాతోనే అందని నా నమ్మకం.

నా పద్దు ఎప్పుడో తీసేశారు, కొత్తగా రాశారు. వెన్ను ఊడిపోతే నీలం గుడ్డపట్టీ అంటించారు. ఒక పేజీ పోయింది. దాని చోట, చిరిగి తీసేసిన మరో 'టార్ బీచ్' ప్రతిలోంచి పేజీ కోసి అతికించారు. అతుకుల బొంత అని తీసిపారేసినట్టు అంటారు గాని, నాకా మాట ఇంటిపేరులా వినిపిస్తుంది. ఆ అతుకుతో నేను మా అమ్మ పోలికలోకి వచ్చాను.

2024 ఏప్రిల్ 13న అమ్మమ్మ పోయింది, తొంభైమూడేళ్ళకి. న్యూజెర్సీలోని ఎంగిల్‌వుడ్‌లో, వంతెనకి అవతలి వైపున. క్యాసీ తనదన్న ఆ వంతెన దాటి ఆవిడ అక్కడ స్థిరపడి ముప్పై ఏళ్ళు ఉంది. ఆ వారం నన్ను బల్ల మీద నిలబెట్టారు. ఫిబ్రవరి కాదు.

జూలైలో ఆ అబ్బాయి వచ్చాడు. ఏడేళ్ళు. నన్ను తనే తీసుకుని కార్డు ఇచ్చాడు. రాత్రి వాళ్ళమ్మ పక్కన పడుకుని పేజీలు తిప్పుతున్నాడు. సంఘం పేజీ వచ్చింది. వాళ్ళమ్మ వేలు ఆ వాక్యాల మీద పెట్టింది, చదవలేదు. నన్ను తెరిచే ఉంచి, గోడ మీది ఫొటోని కిందికి దించి తెచ్చింది.

"ఇదిగో, మీ ముత్తాత" అంది. "రంగులేస్తే గోడ అద్దంలా ఉండేదట."